నాన్నగారి కారు, నిజాంగారి కారు

"అక్కా, ఇల్లు బిల్డరుకి అప్పజెప్పే రోజు దగ్గరపడుతోంది. షెడ్డులో ఉన్న కారు సంగతేమిటి?" అని మా తమ్ముడు బెంగుళూరు నుంచి ఫోను చేసేదాకా, నాన్నగారి కారు కూడా ఆస్తిలోకే వస్తుందని మాకెవరికీ తోచలేదు. పొలం పంచుకున్నాం. వెండి సామాను అమ్మ చెప్పినట్టు పంచుకున్నాం. చివరికి పాతకాలపు ఇత్తడి గంగాళం కోసం కూడా ఇద్దరు వదినా మరదళ్ళు మొహమాటపడి, మూడోసారి అడిగాక ఒకరు తీసుకున్నారు. కారు మాత్రం ఎవరి వాటాలోనూ పడలేదు. పడుతుందనీ ఎవరూ అనుకోలేదు.

అది 1967లో కొన్న ఫియట్ డిలైట్. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో కారు కొనడమంటే పిల్లకి సంబంధం కుదర్చడం లాంటిది. డబ్బు కట్టి, రసీదు బీరువాలో దాచుకుని, ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. దేశం మొత్తానికి దొరికే కార్లు చెప్పుకోదగ్గవి మూడే: కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారయ్యే అంబాసిడరు, బొంబాయి కుర్లాలో తయారయ్యే ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్. నాన్నగారు ఫియట్ వైపు ఎందుకు మొగ్గారో తెలీదు. అంబాసిడరు సర్కారు వారి బండిలా ఉంటుందని అనేవారు. స్టీరింగు పక్కనే గేరు కర్ర, ముందు పొడుగాటి ఒకే సీటు, 1089 సీసీ ఇంజను. ఈ చివరిది మాకు ఎక్కాలతో పాటే వచ్చేది. గోదావరి మీద రోడ్డు రైలు వంతెన 1974లో తెరిచినప్పుడు, ఆ కొత్తల్లోనే మమ్మల్నందర్నీ ఎక్కించుకుని కొవ్వూరు తీసుకెళ్ళి, అక్కడ కాఫీలు తాగించి వెనక్కి తీసుకొచ్చారు. పనేమీ లేదు. వంతెన ఉంది, కారు ఉంది, అంతే.

ఆ ఫియట్టే 1974 నుంచి పేరు మార్చుకుని, చిత్తూరుగఢ్ రాణి పేరుతో పద్మిని అయింది. ఒక కారుకి రాణిగారి పేరు పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, పేరు చక్కగా అతికింది. పాతికేళ్ళకు పైగా అమ్ముడుపోయింది. బొంబాయి నలుపు పసుపు టాక్సీల్లో చివరి పద్మిని 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది.

సరే, మా సంగతికి వస్తాను. అన్నయ్యది ఒకటే మాట: "కాటాకి వేసేద్దాం." తమ్ముడికి నెత్తురు పొంగింది. లక్షలు పోసైనా బాగుచేయించి బెంగుళూరు తీసుకుపోతానన్నాడు. మా మరదలు వెనక నుంచి, "ఉన్న రెండు కార్లకే పార్కింగు లేదు, దాన్ని హాల్లో పెడతారా?" అన్న మాట నాకు ఫోనులో స్పష్టంగా వినిపించింది. మావారు సినిమా వాళ్ళకి అద్దెకిద్దామన్నారు. అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే ఏదో ఉన్నట్టేనని మా ఇంట్లో అందరికీ తెలుసు గానీ, ఎవరం అడగలేదు.

అమ్మని నా దగ్గరికి హైదరాబాదు తీసుకొచ్చాను. వచ్చిన పదిహేను రోజులకి కాస్త తిప్పుకొద్దామని చౌమహల్లా ప్యాలెస్‌కి తీసుకెళ్ళాం. దర్బారు హాలులో దీపాల గుత్తులు చూసి మురిసిపోతుందనుకున్నాను. ఆవిడ వెళ్ళి నిలబడింది మాత్రం ఒక పసుపుపచ్చ కారు ముందు.

ఆ కారు కథ తెలుసుకున్నాక, మా అన్నదమ్ముల తగవు నాకు చాలా చిన్నదిగా కనిపించింది. అది రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆర్డరు ఇచ్చినది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా. పురానీ హవేలీలో నూట డెబ్బై అడుగుల పైన పొడవున్న రెండంతస్తుల బట్టల బీరువా చూశారే, ఆ బీరువా ఆయనదే. వేసుకున్న బట్ట మళ్ళీ వేసుకునేవారు కాదంటారు. అంతటి సోకైన మనిషి కారు తెప్పించుకుంటే మామూలుగా ఉంటుందా? మీద గుమ్మటంలాంటి కప్పు, వెనక ఎత్తుగా ఒకే ఒక్క సింహాసనం. లండన్‌లో బార్కర్ కంపెనీ వారు కట్టారు దాని పైభాగమంతా. ఆ రోజుల్లో పద్ధతి అదేనట. ఇంజను, చట్రం ఒకరు చేస్తే, పైన బండి మరొకరు కడతారు, మనం బట్ట ఒకచోట కొని దర్జీకి ఇంకోచోట ఇచ్చినట్టు.

అయితే దర్జీ దగ్గర్నుంచి బట్ట వచ్చేసరికి కట్టుకునే మనిషి లేడు. 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ పాషా కన్నుమూశారు. 1912 నాటి ఆ కారు కొడుకు చేతికి వచ్చింది. ఆ కొడుకు ఎవరనుకున్నారు? ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. తండ్రికి ఎంత దర్జాయో కొడుక్కి అంత పొదుపు. 1937లో అమెరికా పత్రిక 'టైమ్' ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ఆయన బొమ్మ అట్ట మీద వేసింది. ఆయన మాత్రం మాసిన టోపీ, నలిగిన షేర్వాణీ వదిలేవారు కాదని చెబుతారు. అలాంటి మనిషి చేతికి సింహాసనం ఉన్న కారు వస్తే ఏం చేస్తాడు? అమ్మలేదు. తిప్పనూ లేదు. పండగకి పట్టుబట్ట తీసినట్టు ఊరేగింపులకు మాత్రం తీశారు. 1937లో రజతోత్సవాలకు ఆ బండిలోనే ఊరేగారంటారు. అన్నేళ్ళలోనూ అది నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదట. మా ఫియట్ ఒక్క తిరుపతి ప్రయాణంలోనే అంతకంటె ఎక్కువ తిరిగింది, అదీ దారిలో రెండుసార్లు రేడియేటరు కాగి!

ఇక్కడొక మాట. నిజాంగారు రోల్స్ రాయిస్‌తో చెత్త ఎత్తించారనే కథ మీరూ వినే ఉంటారు. అదే కథ అల్వారు మహారాజు పేరు మీదా ఉంది, ఇంకా నలుగురైదుగురు రాజుల పేర్ల మీదా ఉంది. ఒకే కథకి ఇంతమంది నాయకులుంటే నేనైతే నమ్మను.

ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరి 24న పోయారు. సరిగ్గా మా ఇంటికి కారు వచ్చిన ఏడాది. ఆస్తి కొడుకుని దాటి మనవడు ముకర్రం ఝాకి వచ్చింది. ముప్ఫై మూడేళ్ళ వాడు. ఆయనకి తాతగారి నుంచి సంక్రమించినవి భవనాలు, నగలు, వాటితో పాటు వేలమంది నౌకర్లు, లెక్కలేనన్ని వ్యాజ్యాలు. కింగ్ కోఠీ గారేజీల్లో పదుల సంఖ్యలో కార్లు ఉండేవనీ, కదిలేవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టచ్చనీ రాశారు. ఆపైన 1971లో ఇరవై ఆరో రాజ్యాంగ సవరణతో రాజభరణాలు రద్దయ్యాయి. సంస్థానాధీశుల ఇళ్ళల్లో అప్పటిదాకా షెడ్డులో నిద్రపోయిన కార్లు ఒక్కసారి ఖర్చుల పద్దులోకి వచ్చిపడ్డాయి. ఎందరో అమ్ముకున్నారు. విదేశీయులు కొనుక్కుని ఓడలెక్కించుకుపోయారు. 1950కి ముందు తయారైన కార్లను దేశం దాటించకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టేలోపలే పోవలసినవి చాలా పోయాయి.

చిత్రమేమిటంటే, ముకర్రం ఝాకి యంత్రాలంటే ప్రాణం. బండి కింద దూరి స్పానరు పట్టుకోవడమంటే ఆయనకి సింహాసనం కంటె ఇష్టం. ఈ గొడవలన్నీ వదిలేసి ఆస్ట్రేలియా వెళ్ళి, పశ్చిమ తీరాన మర్చిసన్ హౌస్ అనే పెద్ద గొర్రెల క్షేత్రం కొనుక్కుని, అక్కడ స్వయంగా బుల్డోజరు నడుపుకునేవారు. ఇక్కడ చూస్తే తాత తండ్రుల కారు దుమ్ము కొట్టుకుపోతోంది. బండి మీద ప్రేమ లేక కాదనుకుంటాను. దాంతో పాటు వచ్చే తక్కిన బరువు చూసి ఉంటారు. నాన్నగారి షెడ్డు తలుపు తీసినప్పుడల్లా మా అన్నయ్య మొహం అలాగే అయ్యేది.

చివరికి ఆ చిక్కు విప్పడానికి పూనుకున్నది ఒక ఆడమనిషి. ముకర్రం ఝా మొదటి భార్య, టర్కీ దేశపు ఆడపడుచు ప్రిన్సెస్ ఎస్రా. విడాకులై చాలా ఏళ్ళయ్యాక, మళ్ళీ ఆయన కోరిక మీదే వచ్చి, చెదిరిపోయిన ఆస్తుల వ్యవహారం చేతిలోకి తీసుకున్నారు. ఆలోచించి చూడండి. తెగిపోయిన సంబంధం తాలూకు అత్తవారి అటకలు దులపడానికి మనలో ఎంతమందిమి వెళ్తాం? కప్పులు కారుతున్న చౌమహల్లాని బాగుచేయించి 2005లో జనానికి తలుపులు తెరిచారు. 2010లో యునెస్కో వారు బహుమతి కూడా ఇచ్చారు. ఆ పసుపు కారు కూడా మరమ్మతై, మెరుగుపెట్టుకుని, టిక్కెట్టు కొనుక్కున్న ప్రతివాళ్ళకీ కనబడుతోంది. ముకర్రం ఝా 2023 జనవరిలో ఇస్తాంబుల్లో పోతే, తీసుకొచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు.

ఇదంతా నేను అమ్మకి వివరిస్తుంటే ఆవిడ వినీ వినక, కారు చుట్టూ ఓసారి చూసి, "ఇందులో ఆవిడ ఎక్కడ కూర్చునేదే?" అంది.

"ఎవరు?"

"నిజాంగారి భార్య."

నా దగ్గర జవాబు లేదు. ఉన్నది ఒకటే సింహాసనం.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా ఫియట్ ముందు సీటు పొడుగాటిదే, ముగ్గురు ఇరుక్కుని కూర్చోవచ్చు. కానీ అందులో అమ్మ కూర్చోగా చూసిన గుర్తు లేదు. నాన్నగారి పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. స్నేహితులో, మామయ్యో, కాస్త పెద్దయ్యాక అన్నయ్యో. అమ్మ వెనక, ఒళ్ళో ఒకళ్ళు, పక్కన ఇద్దరు, కాళ్ళ దగ్గర మరచెంబూ టిఫిను క్యారియరూ. ఆవిడ అరవై ఏళ్ళు ఆ కారుని వెనక నుంచే చూసింది.

ఇంకో కారు సంగతి కూడా గుర్తొచ్చింది. మారుతి 800 మొట్టమొదటి బండి. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తాళాలు అందుకున్నది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పనిచేసే ఒక ఉద్యోగి. ధర నలభై ఏడు వేల ఐదు వందలు. ఆయన జన్మలో దాన్ని అమ్మలేదు. 2010లో ఆయన పోయాక, రెండేళ్ళకి భార్యా పోయాక, అది ఢిల్లీలో ఇంటి ముందు తుప్పు పట్టిపోయింది. పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు కార్లు ఆ ఊళ్ళో తిరగకూడదని ఆంక్షలు వచ్చాయి గనక కూతుళ్ళు నడుపుకోవడానికీ లేదు. కడకు కంపెనీవారే బాగుచేసి తమ కార్యాలయంలో పెట్టుకున్నారు. మొదటి బండి కాబట్టి సరిపోయింది. మనబోటి వాళ్ళ బండి కోసం ఏ కంపెనీ వస్తుంది?

మర్నాడు మావారి చేత కాయితాలన్నీ వెతికించాను. తెలిసిన సంగతులు మీకూ పనికొస్తాయని రాస్తున్నాను. యజమాని పోతే వారసులు ముప్ఫై రోజుల్లోగా రవాణా ఆఫీసుకి తెలియజేయాలి. మూడు నెలల్లోగా ఫారం 31 నింపి, మరణ ధ్రువపత్రంతో పేరు మార్పుకి పెట్టుకోవాలి. అమ్మకానికి వాడేది వేరే ఫారం. మాకు గడువు ఎప్పుడో దాటింది, జరిమానా కట్టక తప్పదు. ఇక 2021లో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం, యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం పెద్దగా మార్చని బండిని వింటేజి వాహనంగా రిజిస్టరు చేయించుకోవచ్చు. రుసుము ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది, తిరగరాయించాలంటే ఐదు వేలు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలు పోయించడానికీ మరమ్మతుకీ తీసుకెళ్ళచ్చు గానీ, రోజూ కూరలకి వేసుకెళ్ళకూడదు. పాత నంబరు ఉంచుకోవచ్చు. ఈ ఆఖరి మాటకి తమ్ముడు ఫోనులోనే ఎగిరి గంతేశాడు.

కాటా మాటకి అన్నయ్య మళ్ళీ రాలేదు. బండి ఉంచాలన్నది తేలింది. ఉంచే చోటూ దొరికింది. బిల్డరు మా వాటాకిచ్చే రెండు పార్కింగుల్లో ఒకటి దానికి. అప్పటిదాకా ఊళ్ళోనే మెకానిక్కు దగ్గర. ఎవరి పేరు మీద రాయించాలన్న దగ్గర మాత్రం ముగ్గురం ఆగాం. తమ్ముడు తన పేరు అనబోయి ఊరుకున్నాడు. అన్నయ్యే అన్నాడు, "అమ్మ ఉండగా మన పేర్లేమిట్రా" అని.

ఫారం 31 తెచ్చి అమ్మ ముందు పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని మొత్తం చదివించుకుంది. ఇంటి పేరుతో సహా నిదానంగా తెలుగులో సంతకం చేసి, కలం మూత పెడుతూ, "బాగయ్యాక ముందు సీట్లో కూర్చుంటాను. కొవ్వూరు దాకా చాలు," అంది.

కాఫీ కూడా అక్కడే తాగాలట.