మైక్రోఫిల్మ్ డబ్బా మీద మన పేరు ఎందుకు కనపడదు?



మన పిల్లల్లో పీజీ ప్రాజెక్టులు, పీహెచ్‌డీలు చేసేవాళ్లు పెరిగారు. చరిత్ర సబ్జెక్టు తీసుకున్నవాళ్ల దగ్గర మేము ఎక్కువగా వినే మాట ఒకటుంది: "మన తెగ మీద లైబ్రరీలో ఏమీ లేదన్నా, గైడ్ టాపిక్ మార్చుకోమంటున్నాడు." ఏమీ లేకపోవడం వేరు, ఉన్నది కనపడకపోవడం వేరు. ఈ పోస్టు రెండోదాని గురించి. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

పాత పత్రికలు, సెన్సస్ రిపోర్టులు, ప్రభుత్వ ఫైళ్లు చాలావరకు మైక్రోఫిల్మ్ మీదకో మైక్రోఫిష్ మీదకో ఎక్కాయి. మైక్రోఫిల్మ్ అంటే సినిమా రీలు లాంటిదే. 35 మిల్లీమీటర్ల వెడల్పు, దాదాపు 100 అడుగుల పొడవు ఉండే ఫిల్ము మీద వందల పేజీలు చిన్న బొమ్మలుగా పడతాయి. మైక్రోఫిష్ చుట్ట కాదు, పోస్టుకార్డు సైజు పల్చటి ఫిల్ము ముక్క, 105 మిల్లీమీటర్లకు 148. మామూలు లెక్కన దానిమీద 98 పేజీలు పడతాయి. రెండూ కంటితో చదవడానికి కుదరదు, రీడర్ మిషన్ కావాలి. ఫిష్‌కి మాత్రం ఒక సౌకర్యం ఉంది. పైన ఒక పట్టీలో పుస్తకం పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మిషన్ లేకుండానే చదువుకోవచ్చు. రీలుకు ఆ పట్టీ కూడా లేదు. డబ్బా మీద అతికించిన చీటీయే దాని మొహం. చీటీ మీద లేనిది కేటలాగ్‌లో ఉండాలి. కేటలాగ్‌లోనూ లేకపోతే రీలు లోపల ఎంత ఉన్నా అది లేనట్టే.

షెల్ఫులో పుస్తకమైతే అటూ ఇటూ తిప్పి చూస్తాం, వెనక సూచిక వెతుకుతాం, పక్కనున్న ఇంకో పుస్తకం కంటపడుతుంది. చాలా పాత విషయాలు పరిశోధకులకు అట్లా అనుకోకుండానే దొరికాయి. డబ్బాలో ఉన్న రీలుతో ఆ అవకాశం లేదు.

1944లోనే ఫ్రీమాంట్ రైడర్ అనే ఆయన ఈ ఇబ్బందికి ఒక ఉపాయం చెప్పాడు. ఆయన అమెరికాలో వెస్లియన్ యూనివర్సిటీ లైబ్రేరియన్. పరిశోధనా లైబ్రరీలు పదహారేళ్లకు ఒకసారి రెట్టింపు అవుతున్నాయని లెక్కగట్టి, ఇట్లాగే పోతే స్థలం చాలదని చెప్పాడు. కేటలాగ్ కార్డుకు ముందువైపు పుస్తకం వివరాలు, వెనకవైపు పుస్తకం మొత్తం సూక్ష్మాక్షరాల్లో అచ్చు వేయమన్నాడు. కార్డు దొరికిందంటే పుస్తకం కూడా చేతిలో ఉన్నట్టే. మైక్రోకార్డు పేరుతో అది కొన్నాళ్లు నడిచింది కూడా. కానీ ఎక్కువకాలం నిలిచింది ఫిల్ము, ఫిష్. వాటిలో పుస్తకం ఒకచోట, కార్డు ఇంకోచోట.

తరవాత కేటలాగర్ల మధ్య ఒక గొడవ మొదలైంది. బయటివాళ్లకు నవ్వొచ్చే గొడవే. 1881లో అచ్చయిన పుస్తకాన్ని 1966లో ఫిల్ము తీశారనుకోండి. కార్డు మీద ఏం రాయాలి? 1881 నాటి పుస్తకమనా, 1966 నాటి ఫిల్మనా? ఇంగ్లీషు లైబ్రరీలు అప్పట్లో ఎక్కువగా పాటించిన ఆంగ్లో-అమెరికన్ కేటలాగింగ్ నియమాల రెండో కూర్పు 1978లో వచ్చింది. చేతిలో ఏ వస్తువు ఉందో దాన్నే వర్ణించాలి, అసలు పుస్తకం సంగతి కింద నోట్‌లో రాయాలి అని అది చెప్పింది. అమెరికాలో లైబ్రరీలు ఒప్పుకోలేదు. చదివేవాడికి కావాల్సింది పుస్తకం, ఫిల్ము తీసిన కంపెనీ పేరు వాడికెందుకని వాదించాయి. చివరికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1980ల మొదట్లో పాత పద్ధతికే కట్టుబడింది. పైన అసలు పుస్తకం వివరాలు, ఫిల్ము వివరాలు నోట్‌లో. కంప్యూటర్ రికార్డులో ఆ నోట్ ఉండే గడికి 533 అని నంబరు.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఏంటంటే, ఒకే రిపోర్టు ఒక యూనివర్సిటీలో 1881 కింద, ఇంకో యూనివర్సిటీలో 1966 కింద ఉండొచ్చు. సంవత్సరం పెట్టి వడపోస్తే సగం రాలిపోతాయి. అందుకే మేము చెప్పేది, మొదటి వెతుకులాటలో సంవత్సరం పెట్టొద్దు.

అంతకంటే పెద్ద చిక్కు సెట్లతో వచ్చింది. 1872 నుంచి 1951 దాకా భారత సెన్సస్ రిపోర్టులన్నిటినీ ఐడీసీ అనే యూరప్ కంపెనీ మైక్రోఫిష్‌గా తీసి యూనివర్సిటీలకు అమ్మింది. సొరుగుల నిండా ఫిష్‌లు వచ్చాయి. చాలాచోట్ల వాటన్నిటికీ కలిపి కేటలాగ్‌లో ఒకే రికార్డు, 'సెన్సస్ ఆఫ్ ఇండియా' అని. మద్రాసు సంపుటాలు, హైదరాబాద్ సంపుటాలు, వాటిలో కోయ, గోండు, సవర, చెంచులను ఎట్లా లెక్కించారో చెప్పే అధ్యాయాలు, అన్నీ ఆ ఒక్క పేరు వెనకే. డబ్బు పెట్టి కొన్న యూనివర్సిటీకే తన దగ్గర ఏముందో చెప్పడం రాలేదు. అమెరికా పరిశోధనా లైబ్రరీలు 1980ల్లో చేతులు కలిపి, ఇట్లాంటి సెట్లలో ఒక్కో పుస్తకానికి విడి రికార్డు రాసి పంచుకునే పని మొదలుపెట్టాయి. కొన్ని సెట్లకు పూర్తయింది. అన్నిటికీ కాలేదు.

తెలుగు ప్రాంతాల కాగితాలు అమెరికా దాకా ఎట్లా వెళ్లాయని అడిగేవాళ్లుంటారు. అది గోధుమల కథ. పీఎల్-480 చట్టం కింద అమెరికా మనకు గోధుమలు అమ్మి, డబ్బు రూపాయల్లోనే తీసుకుంది. ఆ రూపాయల్లో కొంత భాగంతో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు మన దేశంలో అచ్చయిన పుస్తకాలు, పత్రికలు కొని అమెరికా యూనివర్సిటీలకు పంపింది. తెలుగువీ అందులో ఉన్నాయి. 1967లో షికాగోలోని సెంటర్ ఫర్ రీసెర్చ్ లైబ్రరీస్‌లో దక్షిణాసియా మైక్రోఫిల్ముల కోసమే యూనివర్సిటీలు ఉమ్మడిగా ఒక ప్రాజెక్టు పెట్టుకున్నాయి. ఒకడు తీసిన ఫిల్మునే ఇంకొకడు మళ్లీ తీయకుండా, ఏ మాస్టర్ నెగటివ్ ఎవరి దగ్గరుందో చెప్పే జాతీయ రిజిస్టరును లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1965 నుంచి 1983 దాకా అచ్చు వేసింది. ఇక్కడ చెదలు తిన్న పత్రిక అక్కడ రీలు మీద బతికి ఉండటం అట్లా జరిగింది. కోపం రావాలో సంతోషించాలో మాకు ఇప్పటికీ తేలలేదు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. పేర్లు.

కేటలాగర్ ఆదివాసీ కాదు, తెలుగు వచ్చినవాడు కూడా కాకపోవచ్చు. ముందున్న కాగితం మీద ఏ పేరుంటే అదే ఎక్కిస్తాడు. ఆ పేరు పెట్టింది తెల్ల కలెక్టరు, లేదా ఆయన కింది గుమాస్తా. 1879లో గోదావరి కొండల్లో ముఠాదార్లు, రెడ్లు, కోయలు తిరగబడిన రంప తిరుగుబాటు మనకు తెలుసు. ఇంగ్లీషు ఫైళ్లలో రంప అనే పేరును ఆర్ తర్వాత 'ఏ' పెట్టి కాకుండా 'యు' పెట్టి రాశారు. ఇప్పటి స్పెల్లింగ్‌తో వెతికితే అవి రావు. పైగా దాన్ని చాలాచోట్ల 'రెబెలియన్' అనలేదు, 'ఫితూరీ' అన్నారు. మన పితూరీయే. ఈరోజు పితూరీ అంటే ఒకడి మీద ఇంకొకడు చెప్పే చాడీ. ఆరోజు సర్కారు భాషలో అది తిరుగుబాటు. 1922-24లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరల పోరాటాన్నీ ఆ మాటతోనే రాసుకున్నారు. ఆ మాట తెలియని పిల్ల ఆ ఫైలు ముందు నుంచే నడిచి వెళ్లిపోతుంది.

తెగల పేర్లదీ అదే తీరు. కోయలను 'కోయి' అని రాశారు. కొంధులను ఖోండ్ అని ఒకడు, కాంధ్ అని ఇంకొకడు. లంబాడాలు బ్రింజారీ, లంబాణీ, సుగాలి, బంజారా అని నాలుగు చోట్ల చెల్లాచెదురయ్యారు. ఎరుకల వాళ్ల సంగతి మరీ అన్యాయం. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన థర్‌స్టన్ పుస్తకంలో ఎరుకల కింద వెతికితే కొరవ చూడమంటుంది. ఆపైన నేరస్థ తెగల చట్టం కింద పెట్టిన కాగితాల్లో వాళ్లు 'నేరం' అనే విషయ శీర్షిక కింద పోయారు. ఆ చట్టం 1952లో రద్దయింది. శీర్షికలను ఎవరూ వెనక్కి వెళ్లి రద్దు చేయరు కదా.

గిడుగు రామమూర్తి గారి సవర పని చూడండి. 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసిన ఆయన మాన్యువల్ పేరులో 'సోర' అని, పక్కన 'లేదా సవర' అని ఉంటుంది. ఆ 'సోర'ను కూడా ఇంగ్లీషులో అచ్చుల పొడవు చూపించడానికి మధ్యలో రెండు చుక్కలు పెట్టి రాశారాయన. భాషాశాస్త్రానికి అది మంచిదే. కేటలాగ్ కంప్యూటర్‌కు ఆ చుక్కలు ఒక తలనొప్పి. సవర, సోర, సవోర, సౌర అన్నీ ఒకటేనని రికార్డుల మధ్య ముడి వేసే పని కేటలాగర్‌ది. ముడి వేసినచోట పుస్తకం దొరుకుతుంది, వేయనిచోట మనమే నాలుగు సార్లు వెతుక్కోవాలి.

ఊర్ల సంగతి ఇంకో మాయ. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్నాయి. అంటే అంతకుముందు కాగితాలు నాగపూర్ లెక్కలోకి వస్తాయి. ఆ తర్వాత మద్రాసు, గోదావరి జిల్లా. 1959లో ఖమ్మం. కోరాపుట్ వైపు కొండలు 1936లో ఒరిస్సా వేరయ్యేదాకా విశాఖపట్నం జిల్లాయే. కొండ కదల్లేదు, దానిమీద ఉన్నవాళ్లూ కదల్లేదు. కేటలాగ్‌లో మాత్రం ఒకే వాగుకు అటు ఇటు ఉన్న చుట్టాలు మూడు రాష్ట్రాల రీళ్లలో ఉంటారు. 1874 షెడ్యూల్డ్ డిస్ట్రిక్ట్స్ చట్టం తర్వాత మన ప్రాంతాన్ని ఫైళ్లలో 'ఏజెన్సీ' అన్నారు కాబట్టి, 'ట్రైబల్' అని కొడితే రానిది 'ఏజెన్సీ' అని కొడితే వస్తుంది. చాలామందికి ఈ ఒక్క మాటే పని చేసింది.

పత్రికల రీళ్లలో ఇంకో రకం మాయమవడం ఉంది. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాడు. ఐదేళ్లకు, 1945లో, అప్పట్లో రాంచీ నుంచి వచ్చిన 'మ్యాన్ ఇన్ ఇండియా' పత్రికలో దక్కనులో ఆదివాసుల తిరుగుబాట్ల మీద హైమెండార్ఫ్ వ్యాసం వచ్చింది. లైబ్రరీ కేటలాగ్ పత్రిక పేరు వరకే చెబుతుంది, లోపలి వ్యాసాల పేర్లు చెప్పదు. పత్రిక పేరులో భీం లేడు, గోండు లేడు. వ్యాసం ఉందని ముందే తెలిసినవాడికే అది దొరుకుతుంది. ముందే తెలిసినవాళ్లు ఎవరి ఇళ్లల్లో ఉంటారో మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఇట్లా అంటే ఆ కాగితాలన్నీ మన గొంతని కాదు. అవి మనల్ని పట్టుకోవడానికి, పన్ను వేయడానికి రాసినవి. అయినా డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో గూడెం-రంప తిరుగుబాట్ల మీద రాసిన వ్యాసానికి ముడిసరుకు ఎక్కువగా ఆ సర్కారు కాగితాలే. 1839 నుంచి 1924 దాకా జరిగినవన్నీ వేటికవి కావు, ఒకే వరస అని ఆయన చూపించగలిగాడు. అదే కాగితాలను కోయ భాష వచ్చిన పిల్ల చదివితే, సాక్షుల పేర్లలో ఎవరు ఏ గట్టువాళ్లో, ఎవరికి ఎవరు మేనమామో ఆమెకు కనపడుతుంది. ముందు రీలు ఆమె చేతికి రావాలి.

ఫిల్ముకు కూడా ఆయుష్షు ఉంది. పాత ఎసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు పాడైతే డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన మొదలైతే వెనక్కి తిప్పడం కుదరదు, త్వరగా కాపీ తీసుకోవాలి. ఏది ముందు స్కాన్ చేయాలో లైబ్రరీలు ఎంచుకునేటప్పుడు ఎవరు ఎన్నిసార్లు అడిగారన్నది కూడా చూస్తాయి. కేటలాగ్‌లో కనపడనిదాన్ని ఎవరూ అడగరు. అడగనిది ఆ వాసనతోనే పోతుంది. అందుకని రీలు చూసినవాళ్లు ఊరికే లేచి రావొద్దు. లోపల ఏ తెగ, ఏ ఊరు, ఏ పేజీ ఫ్రేములో ఉందో ఒక కాగితం మీద రాసి లైబ్రరీలో ఇవ్వండి. రికార్డుకు ఒక నోటు, ఇంకో విషయ శీర్షిక చేర్చడం కేటలాగర్‌కు పెద్ద పని కాదు. మాలో ఒకరు అట్లా ఇస్తే ఒక లైబ్రరీ తీసుకుంది, ఇంకోటి తీసుకోలేదు. తీసుకోనిచోట మళ్లీ ఇస్తాం.

పాత స్పెల్లింగుల పట్టిక ఒకటి మొదలుపెట్టాం. సవర, కోయ, లంబాడా, ఎరుకల వరకు అయింది. కొండరెడ్డి, కొండదొర, బగత, వాల్మీకి, జాతాపు మిగిలాయి. పాడేరు, సీతంపేట వైపు వాళ్లు మీ తాతలు చెప్పిన ఊరి పాత పేర్లు, ముఠా పేర్లు పంపండి. ఉట్నూరు వైపు వాళ్లు ఉర్దూ చదవగలిగే పెద్దమనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, నిజాం కాలం రీళ్ల డబ్బాల మీద చీటీలు ఉర్దూలో ఉన్నాయి.