సరకు బండి చెప్పు చరిత్ర



రైలుబండి చరిత్రను వ్రాసినవారు ఇంజనులను వర్ణించిరి. ప్రభువులు ప్రయాణము చేసిన ప్రత్యేకపు పెట్టెలను వర్ణించిరి. స్టేషను భవనముల సొగసును వర్ణించిరి. గూడ్సు బండిని వర్ణించినవారు మాత్రము అరుదు. మన తెలంగాణమున మాలుగాడి యని పిలువబడు ఆ పెట్టెల వరుసయే మన పత్తిని బొంబాయి దారి పట్టించినది. సింగరేణి బొగ్గును దేశమునకు మోసినది. ఉప్పును, కిరసనాయిలును మన ఊళ్లకు చేర్చినది. అట్టి పెట్టెలను చిన్న కొలతలో, చక్రము మొదలు రివిట్టు వరకు తప్పు లేకుండ తయారుచేసి, ఇది ఏ కంపెనీది, ఏ సంవత్సరము నాటిది అని నిర్ణయించి సేకరించు విద్య యొకటి లోకమున గలదు. చూచుటకది పిల్లల ఆటవలె తోచును. అది నశించిన వస్తువునకు సాక్ష్యము నిలుపు పని యని నేడు మనవి చేయదలచినాను. అందులకు దృష్టాంతముగా సికిందరాబాదులోని చిలకలగూడ పరిసరములనే గ్రహించెదను.

చిలకలగూడ సికిందరాబాదు స్టేషనునకు చేరువనున్న పేట. రైలు ఉద్యోగుల నివాసములతో నిండినది. దక్షిణమధ్య రైల్వే ప్రధాన కార్యాలయమగు రైల్ నిలయము దీనికి సమీపమునందే యున్నది. ఇంకొక ప్రక్క, 1893లో నెలకొల్పబడిన లాలాగూడ కర్మాగారము గలదు. ఈ ప్రాంతమున ఎన్నియో కుటుంబములు మూడు నాలుగు తరములుగా రైలును నమ్ముకొని జీవించినవి. కావున గూడ్సు బండి చరిత్రను విచారింపదలచినవారికి ఇంతకంటె తగిన తావు మన దేశమున తక్కువగా నుండును.

మొదట ఆ చరిత్రను సంగ్రహముగా వినుడు. వాడి జంక్షను నుండి సికిందరాబాదునకు రైలుమార్గము 1874లో తెరువబడెను. అది నిజాము ప్రభుత్వపు ధనముతో నిర్మింపబడినది. తరువాత ఆ మార్గమును తూర్పునకు పొడిగించి, బొగ్గుగనుల ప్రాంతమునకు చేర్చవలయునను ఆలోచన పుట్టెను. 1883లో చందా రైల్వే పథకమను పేర ఈ విషయమై నగరమున గొప్ప వాదము చెలరేగెను. రాజ్యమున కింత భారమేల, దీని వివరములు ప్రజలకు తెలుపవలదా యని అడిగినవారిలో సరోజినీనాయుడుగారి తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులవారును ఒకరు. ఆ కారణముచేత ప్రభుత్వము ఆయనను రాజ్యమునుండి పంపివేసెను. రైలుమార్గము మాత్రము ఆగలేదు. నిజాముగారి గ్యారంటీడు రైల్వే కంపెనీ ఏర్పడెను. కంపెనీవారి మూలధనముపై నూటికి 5 వంతున 20 ఏండ్లు వడ్డీ చెల్లింతుమని ప్రభుత్వము హామీ నిచ్చెను. ఆ హామీయే కంపెనీ పేరిలో గ్యారంటీడు అను మాటయై నిలిచినది. ఆనాటి సరకు పెట్టె ప్రక్కను వ్రాయబడిన కంపెనీ అక్షరములలో ఒక్క అక్షరము వెనుక ఇంత కథ యున్నది.

మార్గము 1886లో వరంగల్లునకును, 1889లో బెజవాడకును చేరెను. డోర్నకల్లు నుండి ఇల్లెందునకు శాఖ వేయబడెను. 1871లో డాక్టరు కింగుగారు కనుగొనిన బొగ్గు ఆ శాఖ మీదుగా బయటికి రాసాగెను. ఇల్లెందు చెంత నున్న సింగరేణి గ్రామము పేరే ఆ బొగ్గునకు పేరైనది. బొగ్గు లేక రైలు నడువదు. రైలు లేక బొగ్గు కదలదు. ఈ రెంటి నడుమ నిలిచినది సరకు పెట్టె.

ఇక గేజి విషయము. గేజి యనగా రెండు పట్టాల నడుమ వెడల్పు. మన దేశమునకు తొలుత నిర్ణయింపబడిన బ్రాడు గేజి 5 అడుగుల 6 అంగుళములు. మధ్యరకపు ఎత్తుగల మనుష్యుడు అడ్డముగా పరుండిన పట్టునంత వెడల్పు. 1870లో మేయో ప్రభువు ఖర్చు తగ్గింపదలచి, మీటరు వెడల్పు గల పట్టాలను కూడ వేయించుటకు నిశ్చయించెను. అది మూడడుగుల మూడు అంగుళములకు కొంచెము పైమాట. దాని ఫలితము మన సికిందరాబాదును తాకినది. వాడి, బెజవాడ మార్గములు బ్రాడు గేజి. సికిందరాబాదు నుండి నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదుల మీదుగా మన్మాడు వరకు 1900 ప్రాంతమున పూర్తియైన గోదావరి లోయ రైలుమార్గము మీటరు గేజి. మన్మాడు వద్ద బొంబాయి మార్గము మరల బ్రాడు గేజి.

దీని వలన కలిగిన చిక్కును పెద్దలు సులభముగా గ్రహింపగలరు. ఏటి ఒడ్డున బండి దింపి, సరకును పడవకెత్తి, ఆవలి ఒడ్డున మరల బండి కెత్తినట్లే యిది. మరాఠ్వాడా జిల్లాల పత్తి మీటరు గేజి పెట్టెలో మన్మాడు చేరినపిమ్మట, హమాలీలు ప్రతి బేలును భుజము మీదికెత్తి ప్రక్కనున్న పెద్ద పెట్టెలోనికి మార్చవలసినదే. సికిందరాబాదున కూడ రెండు గేజీలు కలిసినందున, ఒక మార్గపు సరకు రెండవ మార్గమున పోవలెనన్న ఇట్టి మార్పిడి తప్పదు. కాలము పోయెడిది; వాన వచ్చిన సరకు తడిసెడిది; కూలి ఖర్చు పెరిగెడిది. అదే మార్పిడి వందలాది హమాలీల కుటుంబములకు అన్నము పెట్టెడిది. గేజి యనునది కేవలము కొలత కాదు. అది మనుష్యుల వీపుల మీద మోయబడిన భారము.

ఈ రైలు యాజమాన్యము పలుమారులు మారినది. 1930లో నిజాము ప్రభుత్వమే కంపెనీని కొని తనదిగా చేసికొనెను. 1950లో అది భారత ప్రభుత్వము వశమయ్యెను. 1951లో సెంట్రలు రైల్వేలో చేరెను. 1966 అక్టోబరు 2వ తేదీన సికిందరాబాదు కేంద్రముగా దక్షిణమధ్య రైల్వే ఏర్పడెను. మారిన ప్రతి పర్యాయము పెట్టెల మీది అక్షరములును మారినవి. సరకు పెట్టె ప్రక్క పలక ఒక చిన్న శాసనము వంటిది. యజమాని యెవరు, పెట్టె సంఖ్య యెంత, ఖాళీగా నున్నపుడు బరువెంత, మోయదగిన బరువెంత, ఏ జాతి పెట్టె అను సంగతులన్నియు దానిపై వ్రాయబడును. శాసనములను చదువువారు లిపిని బట్టి రాజును, కాలమును నిర్ణయించినట్లు, ఈ విద్య తెలిసినవారు ఆ అక్షరములను బట్టి పెట్టె కాలమును నిర్ణయింతురు.

ఆకారమును మారినది. మొదట నాలుగు చక్రముల పెట్టెలు. తరువాత ఎనిమిది చక్రముల పెద్ద పెట్టెలు. పూర్వము గాలిని తోడివేసి నడుపు వాక్యూము బ్రేకు. తరువాత గాలిని బిగించి నడుపు బ్రేకు. నేడు బొగ్గు బండ్ల మీద బాక్స్‌ఎన్ అని కనబడును. అందు మొదటి అక్షరము ఎనిమిది చక్రముల పెట్టెయనియు, రెండవది పైకప్పు లేనిదనియు, మూడవది ఎత్తైన గోడలు గలదనియు, చివరిది గాలి బ్రేకు గలదనియు తెలుపును. ఇరువదవ శతాబ్ది ముగియు నాటికి పాత నాలుగు చక్రముల పెట్టెలు సరకు రాకపోకల నుండి దాదాపు తొలగిపోయినవి. 1992లో దేశమంతటను ఏకగేజి పథకము ఆరంభమై, సికిందరాబాదు మీటరు గేజి మార్గములు క్రమముగా బ్రాడు గేజిగా మార్చబడినవి. మార్పిడి కష్టము తీరినది, మంచిదే. కాని ఆ పెట్టెలు ఏమైనవి? ఇంజనుకైన నొకచో గద్దె కట్టి నిలిపిరి. సరకు పెట్టెను ఇనుప తుక్కుగా కోసి కరగించిరి. అది మోసినంత కాలము దానిని తలచినవాడు లేడు. పోయినపుడు ఏడ్చినవాడును లేడు.

ఇట్టి స్థితియందే చిన్న కొలత పెట్టెలకు ప్రయోజనము. మన శిల్పులు తాళమానమును అనుసరించి విగ్రహములను చెక్కుదురు గదా. ముఖము పొడవు ఇంత యైన శరీరమంతయు దానికిన్ని రెట్లని లెక్క. విగ్రహము మూరెడైనను, నిలువెత్తైనను ఆ నిష్పత్తి తప్పరాదు. రైలు నమూనాలకును అట్టి మానమే కలదు. లోకమున ఎక్కువ వ్యాప్తి గల హెచ్‌ఓ అను మానములో అసలు వస్తువునందు 87వ వంతు చేయుదురు. ఒక అడుగు మూడున్నర మిల్లీమీటర్లగును. అయిదున్నర అడుగుల హమాలీ సుమారు 19 మిల్లీమీటర్ల బొమ్మయగును, అనగా అంగుళమున ముప్పాతిక వంతు.

ఇందొక చిక్కు గలదు. అంగళ్లలో దొరకు ఈ మానపు పట్టాల వెడల్పు పదునారున్నర మిల్లీమీటర్లు. అది ఐరోపా, అమెరికా దేశముల 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళముల గేజికి సరిపోవును. మన బ్రాడు గేజికి 19 మిల్లీమీటర్లకు పైగా కావలెను. మీటరు గేజికి పదకొండున్నర చాలును. మన పెట్టెను కొనిన పట్టాల మీద నిలిపినచో, అసలు కొలతలో తొమ్మిదిన్నర అంగుళములు దొంగిలించినట్లు. అంతకంటె దోషము, రెండు గేజీల పెట్టెలను ఒకే పట్టాల మీద నిలుపుట. అట్లు చేసినచో బేళ్లు మోసిన హమాలీ కథయే మాయమగును. కావుననే నిజము కోరువారు పట్టాలను సహితము స్వయముగా వేసికొందురు.

ఇత్తడి రేకును, ప్లాస్టిక్కు పలకను కోసి గోడలు చేయుదురు. వెనుకనుండి సూదిమొనతో అదిమి రివిట్టు తలలు తెప్పింతురు. కమాను పట్టీలను ఒక్కొక్కటిగా అతుకుదురు. వీనికన్న కష్టమైనది కాలనియమము. 1925 నాటి పెట్టె చేయదలచిన, దానిపై 1930 తరువాతి అక్షరములు ఉండరాదు. వాక్యూము బ్రేకు కాలపు పెట్టెకు గాలి బ్రేకు గొట్టము పెట్టరాదు. ఛాయాచిత్రము నలుపు తెలుపులది యైన, రంగును ఊహించి పూయక వ్రాతపూర్వకమైన ఆధారమును వెదకవలెను. ఒక్క పెట్టెకు ఒక మాసపు చేతిపని యైన, దాని వెనుక ఒక ఏటి విచారణ యుండవచ్చును.

ఇది పాశ్చాత్యుల వేడుక, మనకేల యని కొందరందురు. పాశ్చాత్యులు దీనిని సంఘబద్ధము చేసిన మాట నిజమే. అమెరికాలో 1935లో మిల్వాకీ నగరమున నమూనా రైలు కర్తల జాతీయ సంఘమొకటి స్థాపింపబడి, ఒకరు చేసిన పెట్టె మరియొకరి పట్టాల మీద నడచునట్లు కొలతలను స్థిరపరచెను. ఇంగ్లండులో రాయ్ ఇంగ్లండు అనునాయన చేసిన పని మనకింకను దగ్గరిది. ఆస్ట్రేలియా నుండి 1925లో వచ్చిన ఆయన, పల్లెటూళ్ల గడ్డికప్పుల యిండ్లు కంటియెదుటనే మారిపోవుట చూచి, ఆ యిండ్లను, తోటలను, రైలును చిన్న కొలతలో యథాతథముగా నిర్మింప బూనెను. 1954లో పెండను మ్యూజియమను పేర నెలకొనిన ఆ పనిలో నేటికిని ఆ పల్లె నిలిచి యున్నది. మన దేశమునను ఢిల్లీలో 1977లో జాతీయ రైలు మ్యూజియము తెరువబడెను. చేతి నేర్పునకు మనకు కొదువ లేదు. కొండపల్లివారు పొణికి కొయ్యతో ఎడ్లబండిని, తాటిచెట్టునెక్కు గీతగానిని చేసి యిచ్చుచున్నారు. ఆ బొమ్మకు కొలత లేదు గాని, జీవితము కలదు. ఆ నేర్పునకు కొలతను, సంవత్సరమును చేర్చినచో చరిత్ర యగును.

గ్రామ పెద్దలారా, ఈ పనిలో మీ భాగము చిన్నది కాదు. పెట్టె పోయినను దానిని చూచిన కన్నులింకను కొన్ని యున్నవి. మీ పెట్టెల అడుగున పాత రైలు రసీదు లుండవచ్చును. వానిపై ఏ స్టేషను నుండి ఏ స్టేషనుకు ఎన్ని బస్తాలు పోయినవో వ్రాసి యుండును. పెండ్లి ఛాయాచిత్రము వెనుక దూరమున ఒక సరకు పెట్టె కనబడుచుండవచ్చును. పత్తి బేళ్లను ఏ తీరున పేర్చిరి, పెట్టె తలుపు ఎట్లు మూసి సీలు వేసిరి, ఆలస్యమైన డిమరేజి ఎవరు కట్టిరి అను సంగతులు మీ జ్ఞాపకమున నుండవచ్చును. ఇవి పుస్తకములలో దొరకునవి కావు. మీ యింటి పిల్లలలో నొకనిని కూర్చుండబెట్టి, తేదీతోను, ఊరి పేరుతోను వ్రాయించుడు. రసీదును చింపక భద్రపరచుడు.

చేతినిండ పట్టునంత పెట్టెలో బొగ్గు పట్టదు, బేలు పట్టదు. దాని కొలత నిజమైనపుడు మాత్రము, దానిని నింపినవాని శ్రమయు, దానికై వడ్డీ కట్టిన రాజ్యపు ధనమును, దాని రాకకై స్టేషనులో ఎదురు చూచిన రైతు ఆశయు అందులో ఇమిడి యుండును. కొలత తప్పినచో అది ఆటవస్తువే. అందుచేతనే ఈ చిన్న పెట్టె విషయమున అంత పట్టుదల అవసరమని నా మనవి.