ఎత్తు పెరిగితే చూపు ఎంత పెరుగుతుంది? గండికోట, చార్మినారు కథ

హైదరాబాదు పోయిన విద్యార్థి చార్మినారు ఎక్కకుండ తిరిగిరాడు. 1591లో మహమ్మదు కులీ కుతుబ్ షా కట్టించిన ఈ కట్టడము ఎత్తు దాదాపు 49 మీటర్లు. లోపల 149 మెట్లు చుట్లు తిరుగుతూ పైకి పోతవి. సందర్శకులను మొదటి అంతస్తు వరకే పోనిస్తారు గాని, అక్కడినుండే నాలుగు దిక్కులకు పోయే నాలుగు బజారులను చూచి, "ఎంత దూరము కనబడుతున్నది!" అని ఆశ్చర్యపడతారు. ఎంత దూరమని లెక్క వేసేవారు మాత్రము అరుదు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతముల పిల్లవానికి ఇక్కడ ఒక సందేహము రావలెను. మన సీమను ఏలిన దొరలకు రాయికి, పనివాండ్రకు కొదువ లేదు. అయినా వారు చార్మినారువంటి ఎత్తైన చూపుమేడను ఎందుకు కట్టలేదు? దీనికి సమాధానము చరిత్రలో సగము, పదవ తరగతి రేఖాగణితములో సగము ఉన్నది. గణితమునే ముందు చూతము.

భూమి గుండ్రముగా ఉన్నందున, ఎత్తునుండి చూచేవాని చూపు క్షితిజమువద్ద నేలను తాకి పోతుంది. అనగా అది భూమికి స్పర్శరేఖ. తాకిన చోట భూమి వ్యాసార్ధముతో లంబకోణము చేస్తుంది. పైథాగరసు సిద్ధాంతమును ప్రయోగించి, మిక్కిలి చిన్నదైన ఒక పదమును విడిచిపెట్టితే, చూపు దూరపు వర్గము భూవ్యాసమును ఎత్తుచే హెచ్చవేసిన దానికి సమానమని తేలుతుంది. భూవ్యాసము సుమారు 12,740 కిలోమీటర్లు. కాబట్టి ఎత్తును మీటర్లలో తీసుకొని, 13చే హెచ్చవేసి, వర్గమూలము కడితే దూరము కిలోమీటర్లలో వస్తుంది. నేలమీద నిలబడిన మనిషికి నాలుగున్నర కిలోమీటర్లు. చార్మినారు కొసకు 25. గాలిపొరలు కాంతిని కొద్దిగా వంచుతవి గనుక నిజముగా ఇంకొంచెము ఎక్కువే కనబడుతుంది. దానిని ఇప్పటికి పక్కన పెడదాము.

ఈ లెక్కలో ఉన్న కీలకమంతా ఆ వర్గమూలమే. చూపు రెండింతలు కావలెనంటే ఎత్తు నాలుగింతలు కావలెను. 25 కిలోమీటర్లను 50 చేయుటకు నాలుగు చార్మినార్లను ఒకదానిపై ఒకటి నిలపవలెను! రాతితో ఎత్తును కొనుక్కోవడము అంత ఖరీదైన బేరము. కొండ ఉన్నచోట ఆ ఎత్తు ఉచితముగా దొరుకుతుంది. మన పాలకులకు ఈ సూత్రము తెలియకపోవచ్చును, కాని దాని ఫలితము బాగా తెలుసు.

గండికోట దీనికి మంచి నిదర్శనము. పులివెందుల వారికి గండి అనగానే పాపఘ్ని ఒడ్డున ఉన్న వీరాంజనేయస్వామి గుడి జ్ఞప్తికి వస్తుంది. అదీ ఇదీ ఒకే అర్థము: కొండను ఏరు చీల్చుకొనిపోయిన చోటు. ఇక్కడ ఎర్రమల కొండలను పెన్న కోసినది. లోయ లోతు సుమారు 100 మీటర్లు. ఆ గట్టి రాతిపొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు "గండికోట క్వార్ట్‌జైటు" అనియే పేరుపెట్టినారు. అదే వరుసలో అడుగున ఉండే మరొక పొర పేరు "పులివెందుల క్వార్ట్‌జైటు". మన ఊళ్ల పేర్లు దేశదేశాల భూగర్భ గ్రంథములకు ఎక్కిన సంగతి మన పిల్లలలో ఎందరికి తెలుసు?

ఒక ప్రక్క లోయ, మిగిలిన ప్రక్కల గోడ, గోడ పొడుగునా బురుజులు. పెమ్మసాని నాయకులు దీనిని చాలకాలము ఏలినారు. 1650లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా సేనాని మీర్ జుమ్లా పట్టుకొన్నాడు. రెండేండ్లకు, 1652లో, ఫ్రెంచి రత్నవర్తకుడు తవేర్నియే మీర్ జుమ్లాను చూడవచ్చి, కోటకు పోయే దారి ఎంత ఇరుకో, ఎంత నిటారో వర్ణించినాడు. కోటలో ఫిరంగులు పోత పోయుటకు ఫ్రెంచివాడొకడు కొలువులో ఉండెనని కూడ వ్రాసినాడు. కోటలోనికి పోగానే ఒక చతురస్రపు మేడ కనబడుతుంది. దానిని జనము చార్మినారు అనియే పిలుస్తారు. హైదరాబాదు చార్మినారు ముందు అది చిన్నపిల్ల. కాని దాని కాళ్లక్రింద కొండ ఉన్నది.

నేలకు 100 మీటర్ల ఎత్తున ఉన్నామనుకొంటే చూపు 36 కిలోమీటర్లు పోవలెను. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు రెండూ ఈ వలయములో పడతవి. పులివెందుల గండికోటకు నలభై కిలోమీటర్ల పైచిలుకు. లెక్క ప్రకారము అది క్షితిజముకు అవతల. అయితే అవతలి వస్తువుకు ఎత్తు ఉంటే దాని వలయము కూడ కలిసివస్తుంది. 5 మీటర్ల మేడకు 8 కిలోమీటర్లు. 36కు 8 కలిపితే 44. నడుమ కొండలు అడ్డము రాకుంటే ఆ మేడ కొస కనబడవలెను. శత్రువు సేన దుమ్ము ఎత్తుగా లేచినా అంతే. కాపలావానికి ఒక పగటి నడక ముందే వార్త అందేది ఇందువలననే.

ఇదే లెక్కను తలక్రిందులు చేసి భూమినే కొలిచినవాడొకడున్నాడు. ఖ్వారిజ్ము దేశస్థుడు అల్బెరూనీ పదునొకండవ శతాబ్ది తొలి భాగములో పంజాబులోని నందన కోటవద్ద కొండ ఎత్తు కనుగొని, కొండపైనుండి క్షితిజము ఎంత కోణము క్రిందికి వ్రాలినదో చూచినాడు. ఆ రెండింటితో భూవ్యాసార్ధమును గణించినాడు. వచ్చిన విలువ ఈనాటి విలువకు చాల దగ్గర. నందన ఇప్పుడు పాకిస్థానులో ఉన్నది. కోటను శత్రువుకొరకు గాక భూమికొరకు ఎక్కినవానిని నేను సేనానులకంటె గొప్పవాడందును.

ఎనిమిది వందల ఏండ్ల తరువాత మన సీమకు అటువంటివారే వచ్చినారు. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంఫిణీకి దత్తము చేసినాడు. 1802లో లాంబ్టన్ మద్రాసులో త్రికోణ సర్వే ప్రారంభించినాడు. అతని గొప్ప వరుస 78వ రేఖాంశపు దరిదాపుల ఉత్తరముగా సాగినది. పులివెందుల ఆ రేఖాంశమునకు పాతిక కిలోమీటర్ల తూర్పున ఉన్నది. ఒక ఎత్తునుండి మరొక ఎత్తు కనబడితేనే త్రిభుజము కుదురుతుంది. రాయలసీమలో కొండకు కొదువ లేదు. 1811లో గుత్తి సమీపమున ఆధారరేఖ కొలిచినారు.

కావేరి డెల్టాలో కొండలు లేవు. అక్కడ గుడి గోపురములే దిక్కు. 1808లో తంజావూరు బృహదీశ్వరాలయముపైకి అరటన్ను బరువున్న థియొడలైటును లాగుచుండగా మోకు తెగినది. యంత్రము గోడకు కొట్టుకొని దాని చక్రము వంకరపోయినది. లాంబ్టన్ ఆరు వారములు కూర్చుండి దానిని సరిచేసికొన్నాడు. అతని తరువాత ఎవరెస్టు గంగామైదానములో గోపురములైనా చాలక, స్వయముగా ఇటుక బురుజులు కట్టించవలసివచ్చినది. చూపుకు అడ్డమని చెట్లు కొట్టించినారు, ఇండ్లు పడగొట్టించినారు. మన కొండలు ఆ కష్టమునుండి మన ఊళ్లను తప్పించినవి.

కేవలము చూచి సంతోషించుటకు మనుష్యులు లక్షల సంఖ్యలో ఎక్కిన గోపురము పారిస్ నగరములోని ఐఫిల్ గోపురము, 1889. ఇనుము, లిఫ్టు వచ్చినందున ఎత్తు చౌక అయినది. 300 మీటర్లకు 62 కిలోమీటర్లు. ఆ సంవత్సరమే చార్మినారుకు నాలుగు ప్రక్కల గడియారములు అమర్చినారు.

ఇప్పుడు గండికోటకు పోయేవారు లోయ అంచున నిలిచి నీటిని చూచి వస్తారు. దిగువన మైలవరము జలాశయము, ఎగువన గండికోట జలాశయము. శ్రీశైలము నీరు గాలేరు–నగరి కాలువ గుండ ఈ ఎగువ జలాశయమునకు చేరుతుంది. ఇక్కడినుండి ఎత్తిపోతలద్వారా చిత్రావతి జలాశయమునకు పోయి పులివెందుల చీనీతోటలను తడుపుతుంది. నీటిమట్టము పెంచినప్పుడు, 2020లో, తాళ్లప్రొద్దుటూరు ప్రజలు ఊరు ఖాళీ చేసినారు. ఎంత ఎత్తున నిలిచినా నీటి అడుగున ఉన్న ఊరు కనబడదు. సర్వేవారి పాత పటములలో మాత్రము ఆ ఊళ్ల పేర్లు, బావులు, బండిదారులు ఉన్నవి. పిల్లలను కోటకు తీసుకొనిపోయే ఉపాధ్యాయులు అటువంటి పటమొకటి సంపాదించి వెంట తీసుకొనిపోవలెను. అంచుకు మరీ దగ్గరగా పోనీయక, బురుజు నీడన కూర్చుండబెట్టి, ఏ ఊరు ఏ దిక్కున ఎంత దూరమో వారిచేతనే గుర్తు పెట్టించవచ్చును.