నిప్పుతో అతుకు, నియమంతో బతుకు

కొలనుపాక జైన మందిరానికి రైల్లో వెళ్లేవాళ్లు దిగేది ఆలేరులోనే. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1889 నాటికి బెజవాడ దాకా చేర్చిన దారి ఇది. ఆ కాలంలో పట్టాను పట్టాతో కలిపి ఉంచినవి ఫిష్ ప్లేట్లు, బోల్టులు. ప్రతి అతుకు దగ్గరా చక్రం టక్కుమనేది. ఆ చప్పుడును చాలావరకు మాన్పించింది వెల్డింగ్.

జర్మనీ రసాయన శాస్త్రవేత్త హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో థర్మిట్ పద్ధతికి పేటెంట్ కోరాడు. 1899లో ఎసెన్ నగరంలో ట్రామ్ పట్టాలను ఆ పద్ధతిలోనే అతికారు. మన రైల్వేలోనూ ఆ పని చూడొచ్చు. రెండు పట్టాల మధ్య 25 మిల్లీమీటర్ల సందు వదిలి, చుట్టూ అచ్చు బిగిస్తారు. పట్టా కొసలను మంటతో ఎర్రగా కాలుస్తారు. పైన మూసలో అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడ్ రగిలి, కరిగిన ఉక్కు సందులోకి దిగుతుంది. అచ్చులో కాస్త తడి ఉన్నా ఆ ఉక్కు ఎగజిమ్ముతుంది. అందుకే అక్కడ ఏ పని తర్వాత ఏ పని చేయాలో రాసిపెట్టి ఉంటుంది. శిక్షణ, అర్హత పత్రం లేనివాళ్లను ఆ పనికి పెట్టరు.

బజారులోని వెల్డింగ్ షాపుకు నిప్పు వేరే దారుల్లో వచ్చింది. 1880లలో రష్యా సామ్రాజ్యంలో బెనార్దోస్ కర్బన కడ్డీతో విద్యుత్ ఆర్క్ వెలిగించి లోహాన్ని అతికాడు. 20వ శతాబ్దం మొదట్లో స్వీడన్‌కు చెందిన షెల్‌బెర్గ్ రాడ్డుకు పూత పూయడంతో అతుకు గట్టిపడింది. 1903 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఆక్సిజన్, అసిటిలిన్ కలిపి మండించే టార్చి తయారైంది. మన దేశంలో 1935లో ఇండియన్ ఆక్సిజన్ అండ్ అసిటిలిన్ కంపెనీ, 1951లో అద్వానీ ఓర్లికాన్ మొదలయ్యాయి. ఆ తర్వాత గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీలు, కేజీవీల్స్ అన్నీ ఊళ్లోనే అతుక్కున్నాయి.

సామాను వచ్చినంత తేలిగ్గా జాగ్రత్త రాలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 35వ సెక్షన్ కళ్లకు రక్షణ ఇవ్వాలంది. మండే పదార్థం ఉన్న, లేదా ఒకప్పుడు ఉన్న ట్యాంకును తగిన జాగ్రత్తలు తీసుకోకుండా వెల్డింగ్ చేయొద్దని 37వ సెక్షన్ చెప్పింది. అయితే కరెంటు వాడే చోట పది మంది పనిచేస్తేనే అది ఫ్యాక్టరీ. 2020 నాటి కొత్త కార్మిక భద్రతా కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. ఇద్దరు ముగ్గురుండే షెడ్డు అప్పుడూ చట్టానికి బయటే, ఇప్పుడూ బయటే.

నష్టం కూడా వెంటనే తెలియదు. నల్లద్దం లేకుండా రాడ్డు వెలుగు చూసిన కుర్రాడికి పగలంతా ఏమీ అనిపించదు. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది. జీఐ పైపు అతికినవాడికి జింకు పొగ వల్ల సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది.

జాగ్రత్తలు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. అసిటిలిన్ సిలిండర్‌ను నిలబెట్టి గొలుసు కట్టాలి. ఎర్ర పైపు అసిటిలిన్‌కు, నీలం పైపు ఆక్సిజన్‌కు. ఆక్సిజన్ వాల్వుకు గ్రీజు చేయి తగలకూడదు. రిటర్న్ కేబుల్‌ను అతికే ముక్కకే బిగించాలి. తడి చేతులతో హోల్డర్ పట్టకూడదు. పాత డీజిల్ డ్రమ్ము ఖాళీదైనా దాని జోలికి పోకూడదు.

పట్టా మీద అమలైన క్రమశిక్షణ షెడ్డులో అమలు కావడానికి ఇన్‌స్పెక్టర్ కోసం ఎదురుచూడక్కర్లేదు. యజమాని తలచుకుంటే చాలు. గేటు చేయించుకునే మనమూ ధర అడిగే ముందు, పనిచేసే కుర్రాడి ముఖానికి షీల్డు ఉందో లేదో చూద్దాం. లేకపోతే ఆ షాపుకు పని ఇవ్వొద్దు.