నొప్పి చెప్పుకోవచ్చు, దిగులు చెప్పుకోరాదు

తెలుగులో 'నొచ్చు' అన్న క్రియ ఒక్కటే. రాయి తగిలితే కాలు నొస్తుంది, మాట తగిలితే మనసు నొచ్చుకుంటుంది. 'బాధ' అన్న మాట కూడా అటువంటిదే. పంటికీ అదే, పుత్రశోకానికీ అదే. భాషలో ఇంత దగ్గరగా ఉన్న ఈ రెంటినీ మన ఇళ్లలో మాత్రం వేరువేరు గదుల్లో ఉంచాము. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెల్లో డెబ్బై దాటిన అవ్వను "ఎట్లుండావవ్వా?" అని పలకరించి చూడండి. "మోకాళ్లు పట్టేసినాయి నాయనా, నడుము లేయనీదు, రాత్రిళ్లు నిద్దర లేదు" అంటుంది. "దిగులుగా ఉంది" అని తనంతట తాను అన్న అవ్వను నేను ఎన్నడూ ఎరుగను. అంటే దిగులు లేదని కాదు. ఒంటి నొప్పి ఎవరిమీదా నేరం మోపదు. దిగులు మోపుతుంది. తల్లి దిగులుగా ఉందంటే కొడుకు సరిగా చూడటం లేదని, కోడలు అన్నం పెట్టడం లేదని ఊరు అర్థం చేసుకుంటుంది. అందుకే ముసలితనం తన శోకాన్ని మోకాళ్ల భాషలోనే చెప్పుకుంటుంది. ఈ అలవాటుకు ఒక చరిత్ర ఉంది. దానిని నాకు తెలిసినంత మేరకు ఇక్కడ వివరిస్తాను.

ప్రాచీన వైద్యులు శరీరాన్ని, మనసును మనం విడదీసినట్లు విడదీయలేదు. చరకసంహిత సూత్రస్థానంలో వాతం వల్ల కలిగే ఎనభై వికారాల పట్టిక ఒకటి ఉంది. అందులో నడుము నుండి కాలిలోకి దిగే గృధ్రసి ఉంది, నిద్ర పట్టకపోవడమనే అస్వప్నం ఉంది, వాటి సరసనే విషాదం కూడా ఉంది. వృద్ధాప్యంలో వాతమే ప్రధానమని ఆయుర్వేదం చెబుతుంది. అంటే కీళ్లనొప్పి, నిద్రలేమి, దిగులు ఈ మూడూ ముసలితనంలో ఒకే ఇంటి మనుషులని ఆ వైద్యులు గమనించారన్నమాట. వారు చెప్పిన కారణాన్ని నేటి వైద్యం అంగీకరించకపోవచ్చు గాని, వారి పరిశీలనను కాదనలేము.

తరువాతి కాలంలో మనోవైద్యం అన్నది మన ప్రాంతానికి చాలా దూరంగా వెలసింది. వాల్తేరులో పంతొమ్మిదో శతాబ్దంలోనే పిచ్చాసుపత్రి ఏర్పడింది. కర్నూలులో వైద్య కళాశాల రావడానికి 1950లలో సగం దాకా ఆగవలసి వచ్చింది. ఒంటి నొప్పికి ఊళ్లోనే సూదిమందు దొరికేది. మనసు నొప్పికి దొరికింది 'పిచ్చి' అన్న పేరొక్కటే. ఆ పేరు పెట్టుకోవడం కంటే నొప్పిని భరించడమే మేలని జనం అనుకున్నారంటే వారిని తప్పుపట్టలేము.

ఇక నొప్పి సంగతి. ఇది కల్పించుకున్న నొప్పి కాదు, ఈ నేల ఇచ్చిన నొప్పి. 1863లో మొదలై 1870 నాటికి పూర్తయిన కర్నూలు-కడప కాలువ నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడికి నీళ్లిచ్చింది. నీళ్లతో వరి పెరిగింది, వరితో నాట్లూ కలుపులూ పెరిగాయి. నాటు వేసే స్త్రీ రోజంతా నడుము వంచి బురదలో వెనక్కి నడుస్తుంది. పత్తి తీసే స్త్రీ వంగి, లేచి, మళ్లీ వంగుతుంది. పదేళ్ల ప్రాయం నుండి అరవై దాకా ఆ పని చేసిన వెన్నెముక, ఆ తరువాత నిటారుగా నిలవడం కష్టం. ఆళ్లగడ్డ శిల్పులను తీసుకోండి. దేవతామూర్తులను చెక్కే ఆ చేతులు దశాబ్దాల పాటు సుత్తి, ఉలి దెబ్బలను మణికట్టులోకీ భుజంలోకీ దింపుకుంటాయి. బనగానపల్లె, బేతంచర్ల నాపరాతి గనుల్లో బండలెత్తిన వారి నడుముల గురించి వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఒకే పొలంలో, ఒకే వయసు దాకా కష్టపడిన ఇద్దరిలో ఒకరు నొప్పితోనే నలుగురిలో తిరుగుతారు, మరొకరు మంచం పడతారు, తిండి మానతారు, "ఇంకెందుకు బతకడం" అంటారు. ఈ తేడా ఎక్కడ నుండి వస్తున్నది? పని చేయలేని శరీరాన్ని లోకమూ, చివరకు ఆ మనిషీ ఎట్లా లెక్క కడుతున్నారు అన్నది ఒక కారణమని నేననుకుంటాను. చేతిలో సొంత రూపాయి ఉండటం ఆ లెక్కలో చాలా పెద్ద విషయం.

ఆ రూపాయికీ మన సీమకూ పాత సంబంధమే ఉంది. 1800లో దత్తమండలాలు కుంపెనీ చేతికి వచ్చాక పాలెగాళ్ల అధికారం తీసివేసి తవర్జీ అనే భరణం ఏర్పరిచారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు వచ్చిన తవర్జీ పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు. ఆ భరణం విషయంలో జరిగిన అన్యాయం, అవమానం 1846 తిరుగుబాటుకు కారణాలలో ఒకటని చరిత్ర చెబుతుంది. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోవెలకుంట్లలో ఉరితీశారు. పాలెగాడి తవర్జీ, పేద అవ్వ పింఛను ఒకటి కావు. కాని రెండింటిలోనూ సొమ్ము ఎంత అన్నదానితో పాటు, దానిని ఎట్లా ఇస్తారు, ఎవరి ముందు చేయి చాపాలి అన్న ప్రశ్న ఉంది.

1991 ఉపఎన్నికలో నంద్యాల నుండి లోక్‌సభకు వెళ్లిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ పథకం మొదలైంది. ఆధారం లేని అరవై ఐదేళ్లు దాటిన వారికి కేంద్రం ఇచ్చినది నెలకు 75 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పింఛను 2014లో వెయ్యి, 2019లో రెండువేలు, 2024 జనవరిలో మూడువేలు, అదే ఏడు జూలైలో నాలుగువేలు అయింది. 2020 ఫిబ్రవరి నుండి ఇంటి వద్దకే తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒకటో తారీఖున మందులకు తన డబ్బే తీసి ఇచ్చే అవ్వ గొంతులో, మనవడికి పది రూపాయలిచ్చే తాత ముఖంలో వచ్చే మార్పును నేను చూశాను. అది నొప్పిని తీసివేయదు. నొప్పితో పాటు వచ్చే 'నేను బరువైపోయాను' అన్న భావాన్ని కొంత తగ్గిస్తుంది.

ఇది మన ఒక్కరి కథ కాదు. చైనాలో 1980లో ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ మనోవైద్యుడు హునాన్ రాష్ట్రపు వైద్య కళాశాలలో వందమంది రోగులను పరిశీలించాడు. అక్కడి వైద్యులు వారికి పెట్టిన పేరు అచ్చంగా మనం వాడే 'నరాల బలహీనత'. వారు చెప్పుకున్నవి తలనొప్పి, నిద్రలేమి, తలతిరుగుడు. విడమరచి అడిగితే వందలో 87 మందికి తీవ్రమైన కుంగుబాటు ఉన్నట్లు తేలింది. సాంస్కృతిక విప్లవం (1966-76) నడిచిన దేశంలో నిరాశగా ఉన్నానని చెప్పుకోవడం రాజకీయంగా అపాయకరం. తల నొస్తోందనడం అపాయం కాదు. అక్కడ రాజ్యానికి భయపడి చెప్పని మాటను, ఇక్కడ కుటుంబ పరువుకు జంకి చెప్పము. 1999లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో బెంగళూరు, షాంఘై సహా పద్నాలుగు దేశాల ఆసుపత్రులున్నాయి. అందులో కుంగుబాటు ఉన్నవారిలో 69 శాతం మంది వైద్యునితో శరీర బాధలు మాత్రమే చెప్పుకున్నారు.

చైనాలో 2011 నుండి నలభై ఐదేళ్లు పైబడిన పదిహేడు వేలమందికి పైగా మనుషులను విడతలవారీగా పలకరిస్తూ పెద్ద అధ్యయనం నడుస్తున్నది. ఆ సమాచారంపై వచ్చిన పరిశోధనలు ముసలివారిలో నొప్పి, కుంగుబాటు ఎవరికి ఎక్కువో చెబుతాయి: స్త్రీలకు, పల్లెవాసులకు, చదువు లేనివారికి, ఒకటికి మించి దీర్ఘవ్యాధులున్నవారికి, నిద్ర చాలనివారికి, తమ పనులు తాము చేసుకోలేనివారికి, జీవిత భాగస్వామిని కోల్పోయినవారికి. పిల్లలు నగరాలకు పోగా పల్లెలో మిగిలిపోయిన పెద్దల ప్రస్తావన అక్కడా తరచు వస్తుంది. ఈ జాబితా చదువుతుంటే చైనా ఊరు గుర్తుకు రాలేదు నాకు. కొడుకు హైదరాబాదులో, కూతురు బెంగళూరులో ఉండగా, రుద్రవరం వైపో చాగలమర్రి వైపో పాతింటి అరుగు మీద ఒంటరిగా కూర్చున్న విధవరాలు గుర్తుకొచ్చింది. కక్షలలో భర్తను, కొడుకును పోగొట్టుకున్న స్త్రీలు ఈ సీమలో ఎందరో ఉన్నారు. వారి దుఃఖాన్ని పగగా లెక్కించారే తప్ప జబ్బుగా ఎవరూ చూడలేదు.

మన దేశంలో అటువంటి అధ్యయనమే 2017-18లో డెబ్బై రెండువేల మందికి పైగా పలకరించింది. అరవై దాటినవారిలో 8.3 శాతం మందికి తీవ్ర కుంగుబాటు ఉండే అవకాశం ఉందని లెక్క తేల్చింది. వైద్యులు తమకు ఆ జబ్బు ఉందని చెప్పారన్నవారు 0.8 శాతం. పదిమందిలో తొమ్మిదిమంది దిగులు పేరు లేకుండానే ఉండిపోతున్నదన్నమాట.

పేరు లేకపోతే ఏమవుతుంది? నొప్పికి మాత్ర మీద మాత్ర వేసుకుంటారు. కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి, నొప్పి మాత్రం పోదు. ఎందుకంటే రెండూ ఒకదానినొకటి పెంచుకుంటాయి. నొప్పి వల్ల నిద్ర పోతుంది, నడక తగ్గుతుంది, నలుగురిలోకి పోవడం మానుకుంటారు. అక్కడి నుండి కుంగుబాటు. కుంగిన మెదడు నొప్పి సంకేతాలను అణచలేక వాటిని మరింత పెద్దవిగా గ్రహిస్తుంది. కుంగుబాటుకు వాడే కొన్ని మందులను దీర్ఘకాలపు నొప్పికి కూడా వైద్యులు ఇవ్వడం ఈ సంబంధం వల్లనే. అయితే "అంతా మనసు భ్రమే" అని నొప్పిని కొట్టివేయడం అంతకంటే పెద్ద అన్యాయం. అరిగిన కీలు అరిగినదే. రెండింటికీ వైద్యం కావాలి.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. మనసు బాధకు ఉచితంగా ఫోనులో సలహా చెప్పే టెలిమానస్ 14416 సంఖ్య 2022 అక్టోబరు నుండి ఉంది. వాల్తేరు దాకా పోవలసిన రోజులు గడచిపోయాయి. మిగిలిన దూరం ఇంట్లోనే ఉంది. మోకాలి నొప్పి గురించి అడిగిన తరువాత మరొక రెండు ప్రశ్నలు అడగవచ్చు: "ఈ రెండు వారాల్లో ఏ పని మీదా మనసు పోవడం లేదా? దిగులుగా, ఆశ లేనట్లుగా ఉంటోందా?" అని. ఈ ప్రశ్నలను కొడుకో కోడలో తమపై నేరారోపణగా భావించకుండా అడగగలిగిన ఇంట్లో, అవ్వ కూడా జవాబును మోకాళ్ల మీదికి నెట్టకుండా చెప్పగలుగుతుంది.