డయాలసిస్ మంచం పక్కన దంత వైద్య విద్యార్థి: ఉద్దానం నేపథ్యంలో వృత్త్యంతర విద్య

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పన్ను నొప్పి పుట్టిన మనిషి నేరుగా దంత వైద్యుడి దగ్గరికి వెళ్ళడం అరుదు. పూండిలోనైనా, కవిటిలోనైనా ముందు గుర్తొచ్చేది ఊళ్ళో డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ, లేదంటే బజార్లోని మందుల షాపు. డైక్లోఫెనాకో, ఐబుప్రొఫెనో నాలుగు బిళ్ళలు చేతికొస్తాయి. నొప్పి తగ్గుతుంది. మనిషి జీడితోటకో, సముద్రం మీద వేటకో వెళ్ళిపోతాడు. పన్ను మాత్రం పుచ్చుతూనే ఉంటుంది. తెలుగునాట ఏ పల్లెలోనైనా జరిగేదే ఇది. కానీ ఉద్దానంలో ఆ నాలుగు బిళ్ళల లెక్క వేరు.

ఉద్దానంగా పిలిచే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి రెండు మూడు దశాబ్దాలుగా వేళ్ళూనుకుని ఉంది. షుగరు, బీపీ లేనివాళ్ళకూ వస్తుంది. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో ఒళ్ళు ఎండిపోయేంత చాకిరి, వంశపారంపర్యం, నొప్పి మాత్రలు అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. ఏ ఒక్కటీ దోషిగా తేలలేదు. నొప్పి మాత్ర ఈ జబ్బుకు మూలమా కాదా అన్నది పరిశోధకులు తేల్చుకోవలసిన సంగతి. అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండానికి అది చేసే హాని విషయంలో మాత్రం వివాదం లేదు. మూత్రపిండంలోకి రక్తం సాఫీగా పారేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లను ఆ మాత్ర అడ్డుకుంటుంది. పైగా జబ్బు తొలి దశలో ఏ లక్షణమూ ఉండదు. తన రక్తంలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందని తెలియని మనిషే పంటి నొప్పికి మాత్ర మింగుతాడు. అంటే ఆ పన్నుకు సకాలంలో వైద్యం చేయడం ఒకరకంగా మూత్రపిండాన్ని కాపాడే పని కూడా. ఈ సంగతి దంత వైద్య విద్యార్థికి ఎక్కడ, ఎవరి దగ్గర తెలియాలన్నదే ఈ వ్యాసం ప్రశ్న.

వేర్వేరు ఆరోగ్య వృత్తుల విద్యార్థులు ఒకరితో ఒకరు కలిసి, ఒకరి నుంచి ఒకరు, ఒకరి గురించి ఒకరు నేర్చుకోవడాన్ని వృత్త్యంతర విద్య అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1988లోనే దీని మీద ఒక నివేదిక వెలువరించింది. 2010లో కార్యాచరణ చట్రాన్ని ప్రకటించింది. అమెరికాలో 2009లో ఆరు వృత్తుల విద్యా సంఘాలు ఒక వేదికగా ఏర్పడ్డాయి. అందులో దంత వైద్య విద్యా సంఘమూ ఉంది. 2011లో ఆ వేదిక నాలుగు సామర్థ్యాలను నిర్దేశించింది: విలువలు, పాత్రలు, సంభాషణ, బృందంగా పని చేయడం. 2013 నుంచి అక్కడి దంత కళాశాలలకు గుర్తింపు ఇచ్చే సంస్థ, తక్కిన ఆరోగ్య సిబ్బందితో కలిసి పనిచేయగల నేర్పును పట్టభద్రుల అర్హతల్లో చేర్చింది. ఇంతా చేసి ఫలితం నిరూపణ అయిందా అంటే, అదే 2013లో వచ్చిన కాక్రేన్ సమీక్షకు ప్రమాణాలకు నిలిచిన అధ్యయనాలు దొరికినవి పదిహేనే. వాటి ఫలితాలూ కలగాపులగమే. కాబట్టి ఇది అన్నిచోట్లా పనిచేసే మంత్రమని నేను వాదించడం లేదు. రోగి లేకుండా తరగతి గదిలో నలుగురు విద్యార్థులను కూర్చోబెట్టి బృంద స్ఫూర్తి మీద ఉపన్యాసం ఇస్తే ఒరిగేదేమీ ఉండదు. ఒకే రోగి చుట్టూ రెండు మూడు వృత్తులకు నిజమైన అవసరం ఉన్నప్పుడే దీనికి అర్థం. ఆ అవసరం ఉద్దానంలో ఉన్నంతగా ఉన్న చోట్లు తక్కువ.

ఇక్కడో మరిచిపోయిన చరిత్ర ఉంది. వృత్త్యంతర విద్య అన్న పేరు పాఠ్యప్రణాళికల్లోకి ఎక్కకముందే, వృత్తులు కలిసి పనిచేస్తే నోటికి ఏం మేలు జరుగుతుందో చూపించిన జిల్లా శ్రీకాకుళం. చుట్టను నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, అంటే అడ్డపొగ, ఈ తీరంలో ముఖ్యంగా ఆడవాళ్ళలో ఉండేది. గాలికి ఆరిపోదని, పని చేసుకుంటూనే పీల్చుకోవచ్చని దానికి కారణాలు చెప్పుకునేవారు. ఆ వేడి నేరుగా అంగుటికి తగులుతుంది; తెల్లమచ్చలు, పుళ్ళు, చివరికి అంగుటి క్యాన్సర్. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో పనిచేసిన దంత వైద్యుడు ఫలీ మెహతా, కోపెన్‌హాగెన్ నోటి వ్యాధుల నిపుణుడు యెన్స్ పిండ్‌బోర్గ్, గణాంకవేత్త ప్రకాశ్ గుప్తా, మరికొందరు కలిసి ఈ జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్ళు పరీక్షించారు. ఆ ఫలితాలు 1971లో ఒక బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో వచ్చాయి. చూసినవాళ్ళలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ అలవాటున్నవాళ్ళే.

ఆ బృందం లెక్కలు రాసుకుని వెళ్ళిపోలేదు. 1970ల చివర్లో ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలతో పాటు శ్రీకాకుళంలోనూ పొగాకు మాన్పించే ప్రయత్నం మొదలుపెట్టింది. మొత్తం ముప్ఫై ఆరు వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్ళు. ఏటా నోటి పరీక్ష, దానికి తోడు సినిమా, పోస్టరు, రేడియో, ముఖాముఖి సలహా. ఇందులో దంత వైద్యుడికి ఎంత పని ఉందో, ప్రవర్తన శాస్త్రవేత్త మీరా ఆఘీ వంటివాళ్ళకు అంత పని ఉంది. అంగుటి మీద మచ్చను గుర్తుపట్టేది దంత వైద్యుడు. ఇంట్లో, పనిలో, తోటి ఆడవాళ్ళ మధ్య ఆ చుట్టకు ఉన్న చోటును అర్థం చేసుకోకపోతే మాన్పించడం ఎవరివల్లా కాదు. 1986లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఫలితాల ప్రకారం, సలహా అందినవాళ్ళలో అలవాటు మానినవాళ్ళు, తగ్గించినవాళ్ళు ఎక్కువయ్యారు, నోట్లో క్యాన్సర్‌కు ముందొచ్చే మచ్చలు తగ్గాయి. నోటి వ్యాధుల పాఠ్యపుస్తకాల్లో అడ్డపొగ పేజీ ఇప్పటికీ ఉంది. విద్యార్థి అక్కడ చదివేది అంగుటి లక్షణాలు. ఆ ఫలితం ఏయే వృత్తులు కలిస్తే వచ్చిందన్నది చదవడు. ప్రపంచానికి ఉదాహరణగా నిలిచిన పని సొంత జిల్లా విద్యార్థికి ఒక వ్యాధి వర్ణనగా మాత్రమే మిగలడం నాకు విచిత్రంగా తోస్తుంది.

మళ్ళీ కిడ్నీ దగ్గరికి. మూత్రపిండ రోగి నోరు చాలా చెబుతుంది. ఊపిరిలో అమోనియా వాసన, ఎండిపోయిన నాలుక, పాలిపోయిన చిగుళ్ళు, విపరీతంగా పట్టే గార, ఎక్స్-రేలో పలచబడిన దవడ ఎముక. వీటన్నిటిలో బోధనకు బాగా పనికొచ్చేది చిగుళ్ళ వాపు. మూత్రపిండ రోగికి బీపీ తగ్గించడానికి వైద్యుడు తరచూ రాసేది అమ్లోడిపిన్. కొందరిలో అది చిగుళ్ళను పెంచుతుంది. పళ్ళ మీదికి కండ పాకినట్టు కనిపిస్తుంది. కిడ్నీ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ తోడైతే మరీనూ. రోగి దంత వైద్యుడి దగ్గరికి వెళితే ఆయన గార తీస్తాడు, అవసరమైతే పెరిగిన చిగురు కోస్తాడు. కొన్ని నెలలకు అది మళ్ళీ పెరుగుతుంది. వైద్యుడు రాసిన మందు సరైనదే, దంత వైద్యుడు చేసిన పనీ సరైనదే. ఇద్దరూ మాట్లాడుకోకపోవడం వల్ల రోగి రెండుసార్లు కత్తి కింద కూర్చుంటాడు. వేరే రకం బీపీ మందుకు మారితే సరిపోవచ్చు. కానీ ఆ మార్పును దంత వైద్యుడు సొంతంగా చేయకూడదు, వైద్యుడికి ఆ చిగురు కనబడదు. పరీక్ష పేపర్లో ఇది మందుల దుష్ఫలితాల కింద అయిదు మార్కుల ప్రశ్న. పలాసలో ఇది ఇద్దరు డాక్టర్ల మధ్య జరగని ఒక ఫోన్ కాల్.

డయాలసిస్ రోగి పన్ను పీకడమూ అంతే. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి ఆ రోజు పీకకుండా, మర్నాడు పెట్టుకోవడం క్షేమం. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు. నొప్పికి పారాసెటమాల్ రాయాలి, యాంటీబయాటిక్ మోతాదు కిడ్నీ స్థితిని బట్టి సరిచూసుకోవాలి. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. కానీ రోగి డయాలసిస్ ఏయే రోజుల్లో, ఏ చేతికి ఫిస్టులా, కిందటిసారి బీపీ ఎందుకు పడిపోయింది అన్నవి పుస్తకంలో ఉండవు. వాటిని చెప్పగలిగేది డయాలసిస్ టెక్నీషియన్, నర్సు.

మన బీడీఎస్ కోర్సులో వైద్యశాస్త్రం లేదని కాదు. రెండో ఏడు ఫార్మకాలజీ, మూడో ఏడు జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ ఉన్నాయి. వార్డు పోస్టింగూ ఉంది. అయితే అది వైద్యుడు చెబితే దంత విద్యార్థి వినడం. వైద్య విద్యార్థి దంత విభాగానికి వచ్చి నేర్చుకునేది అతి స్వల్పం. నర్సు దగ్గర, ఫార్మసిస్టు దగ్గర దంత విద్యార్థి నేర్చుకోవలసింది ఉందన్న ఊహే మన కళాశాలల మెట్ల వరుసలో ఇమడదు. డిగ్రీల ఎత్తుపల్లాలు ఆసుపత్రిలో కన్నా కళాశాలలోనే ఎక్కువ.

విచిత్రమేమంటే, ఏర్పాట్లకు కావలసిన సరంజామా జిల్లాలో ఉంది. శ్రీకాకుళం శివారు చాపురంలో దంత కళాశాల ఉంది. అదే పట్టణంలో ప్రభుత్వ వైద్య కళాశాల, దగ్గర్లోనే రాగోలులో మరో వైద్య కళాశాల ఉన్నాయి. 1986లో ఏర్పడిన విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం గొడుగు కిందికి వైద్యం, దంత వైద్యం, నర్సింగ్ అన్నీ వస్తాయి. అమెరికా వాళ్ళు ఆరు సంఘాలను కూర్చోబెట్టి సాధించుకున్న వేదిక మనకు పాలనాపరంగా పుట్టుకతోనే ఉంది. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి; సోంపేటలోనూ, టెక్కలిలోనూ డయాలసిస్ జరుగుతోంది. బీడీఎస్ ఇంటర్న్‌షిప్ ఏడాదిలో మూడు నెలలు ప్రజారోగ్య దంత వైద్యానికి, గ్రామీణ సేవకు కేటాయించి ఉన్నాయి. ఆ మూడు నెలలు చాలా చోట్ల బడి పిల్లల క్యాంపులతో, బ్రష్ పట్టుకోవడం చూపించడంతో గడిచిపోతాయి. పిల్లల క్యాంపును తక్కువ చేయడం లేదు. కానీ ఈ జిల్లా ఇంటర్న్‌కు అందులో కనీసం ఒక నెల డయాలసిస్ యూనిట్‌లో ఎందుకు ఉండకూడదు?

డయాలసిస్ రోగి దాదాపు నాలుగు గంటలు మంచం మీద ఉంటాడు, వారానికి రెండు మూడుసార్లు వస్తాడు. నోటి పరీక్షకు, మాట్లాడడానికి అంతకన్నా ఓపికైన సమయం దొరకదు. చికిత్స అక్కడ చేయకూడదు, చేయనక్కర్లేదు. చూడడం, రాసుకోవడం, మర్నాటికి ఏర్పాటు చేయడం చాలు. హెపటైటిస్ బి, సి సోకే ప్రమాదం ఉన్న చోటు కాబట్టి ఆ యూనిట్ జాగ్రత్తలను ఇంటర్న్‌కు నర్సే నేర్పాలి. నర్సింగ్ విద్యార్థికి ఎండిన నోటిని ఎలా సంరక్షించాలో ఇంటర్న్ చూపిస్తాడు. ఇద్దరూ కలిసి వారానికొకసారి నెఫ్రాలజిస్టు ముందు ఒక రోగిని ప్రస్తావిస్తారు. ఇంతకుమించిన హంగు అవసరం లేదు.

విదేశీ నమూనాలను యథాతథంగా తెచ్చుకుంటే ఇక్కడ ఒక పెద్ద ఖాళీ మిగులుతుంది. అక్కడి బృందంలో వైద్యుడు, నర్సు, ఫార్మసిస్టు, దంత వైద్యుడు ఉంటారు. ఉద్దానంలో పన్ను నొప్పికి మొదటి మాత్ర ఇచ్చేది వీరెవరూ కాదు. మందుల షాపు కౌంటర్లో ఉన్న కుర్రాడు, ఆర్‌ఎంపీ. వీరిని విద్యా బృందంలోకి తెస్తే అర్హత లేనివారికి గుర్తింపు ఇచ్చినట్టవుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా వాళ్ళను లేనట్టు నటిస్తే మాత్ర ఆగదు. వారికి వైద్యం నేర్పనక్కర్లేదు. పన్ను నొప్పితో వచ్చినవాడిని క్రియాటినిన్ ఎంతని అడగడం, తెలియదంటే డైక్లోఫెనాక్ ఇవ్వకుండా దంత వైద్యుడి దగ్గరికి పంపడం, ఈ ఒక్క ముక్క ఒప్పించగలిగితే చాలు. ఆ ఒప్పించే పని ఇంటర్న్‌కు ఆశా కార్యకర్తతో కలిసి అప్పగించాలి. ఏ గడపలో కిడ్నీ రోగి ఉన్నాడో, ఎవరు నొప్పి బిళ్ళలు డబ్బాలో దాచుకుంటారో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఇక్కడ గురువు ఆమె. బీడీఎస్ విద్యార్థి శిష్యుడు. మీరా ఆఘీ బృందం అడ్డపొగ విషయంలో చేసింది దీనికి పెద్ద దూరం కాదు.

మిగిలిన చిక్కు మార్కులది. మార్కులు లేని పనిని విద్యార్థి పట్టించుకోడు, విభాగమూ పట్టించుకోదు. ఇది నిందగా అనడం లేదు, పరీక్షల వ్యవస్థ అలా తయారు చేసింది. 2021 చట్టం డయాలసిస్ టెక్నీషియన్లతో సహా అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్‌ను తెచ్చింది. 2023 చట్టం దంత వైద్య విద్య నియంత్రణను కొత్త కమిషన్‌కు అప్పగించింది. నియమావళి మారే కాలం కాబట్టి పెద్ద మార్పులు అడగడానికి అదనే. కానీ ఇంటర్న్ లాగ్‌బుక్‌లో డయాలసిస్ టెక్నీషియన్ సంతకానికొక గడి, ఆశా కార్యకర్త సంతకానికొక గడి చేర్చడానికి కమిషన్ల దాకా వెళ్ళనక్కర్లేదు. కళాశాలలు, విశ్వవిద్యాలయం ఒక మాట అనుకుంటే వచ్చే బ్యాచ్ నుంచే మొదలుపెట్టవచ్చు.