పలక క్రింది బంధము

నేలకు పరచిన పలకపై వ్రేలి కణుపుతో మెల్లగా తట్టి చూడుడు. మ్రోత నిండుగా, గట్టిగా వినవచ్చినచో ఆ పలక తన క్రింది పదార్థముతో ఏకమై యున్నదని అర్థము. డొల్లగా మ్రోగినచో, పైన ఎంత నిగనిగలాడుచున్నను, అది నేలను విడిచిపెట్టినదని తెలియవలెను. తాపీపనివారందరు ఎరిగిన పరీక్ష ఇది. ఇల్లు కట్టుకొనువారు పలక రంగును, నునుపును చూచి ఎన్నుకొందురు. దానిని నేలకు పట్టి ఉంచు పదార్థమును గూర్చి అడుగువారు అరుదు. కాని నేల పలకల చరిత్రను పరిశీలించినచో ఒక విషయము స్పష్టమగును. పలక మారినప్పుడెల్ల దానిని పట్టు బంధము కూడ మారవలసి వచ్చెను. ఆ మార్పును గుర్తింపని చోట నష్టము తప్పలేదు. ఈ వ్యవహారమునకంతటికిని మూలము నీరు. పలక ఎంత నీరు పీల్చును, బంధము ఎంత నీరు నిలుపుకొనును అనునదే ఇందలి కీలకము.

తొలినాళ్లలో బంధమే నేలగా ఉండెను. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమునకు చెందిన రోమను వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథమునందలి ఏడవ భాగములో నేల వేయు పద్ధతిని వివరించెను. ముందుగా పిడికిలికి తక్కువ కాని రాళ్లు పరవవలెను. వానిపై మూడు పాళ్ల కంకరకు ఒక పాలు సున్నము కలిపి దిమ్మిసతో గట్టిపరుపవలెను. ఆపైన మూడు పాళ్ల పెంకుల పొడికి ఒక పాలు సున్నము చేర్చి, ఆరు వ్రేళ్ల వెడల్పునకు తక్కువ కాని మందమున పూయవలెను. పలకలు పరచుట అటుపిమ్మటి మాట. కాల్చిన మట్టి పొడి సున్నముతో నీటి సమక్షమున కలిసి, తడిలో సైతము గట్టిపడును. ఈ సంగతి రోమనులు అనుభవముచేతనే గ్రహించిరి.

మన ప్రాంతమున గచ్చు అను మాట ఇట్టి విద్యకే సాక్ష్యము. సున్నమును, ఇసుకను, ఇటుక పొడిని డంగులో పోసి, ఎద్దులచే రాతి చక్రమును త్రిప్పించి మెత్తగా నూరెడివారు. కరక్కాయ నానబెట్టిన నీరును, బెల్లపు నీరును చేర్చుట కూడ వాడుకలో నుండెను. సున్నపురాతిని బట్టీలో కాల్చునపుడు దానిలోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. నీరు చల్లి, నూరి, పూసిన పిమ్మట సున్నము ఆ వాయువునే గాలినుండి మరల గ్రహించి, క్రమముగా రాయి యగును. ఈ పని నెలలు, ఒక్కొక్కచోట సంవత్సరములు సాగును. సున్నమునకు ఓర్పు కావలెను. కాని అది తడిని లోన బంధింపక బయటికి విడిచిపెట్టును, చిన్న కదలికను సహించును. 2013లో ఆరంభమైన హైదరాబాదు కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో, ఇరువదవ శతాబ్దమున మరమ్మతుల పేరిట పూసిన సిమెంటును తొలగించి తిరిగి సున్నమునే వాడిరి. క్రొత్త పదార్థము బలమైనదైనను పాత గోడకు సరిపడలేదు.

సున్నపు ఆలస్యమును జయింపవలెనను ప్రయత్నమునుండియే సిమెంటు పుట్టెను. 1756లో ఇంగ్లండు దక్షిణ తీరమున, ఎడ్డీస్టన్ అను సముద్రపు రాతిపై దీపస్తంభము కట్టు పనికి జాన్ స్మీటన్ పూనుకొనెను. అలలు ఎడతెగక కొట్టు ఆ చోట మామూలు సున్నము నిలువదు. అతడు అనేక ప్రదేశముల సున్నపురాళ్లను తెప్పించి, ఆమ్లమున కరగించి పరీక్షించెను. కరగక అడుగున బంకమట్టి మిగిలిన రాతినుండి వచ్చిన సున్నమే నీటిలో గట్టిపడునని కనుగొనెను. అంతకు పూర్వము మంచి సున్నమునకు స్వచ్ఛమైన గట్టి రాయి కావలెనని తలచెడివారు. మలినమని భావించినదే బలమునకు కారణమని తేలెను. 1824 అక్టోబరు 21వ తేదీన లీడ్స్ నగరపు తాపీ మేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్, సున్నపురాతిని బంకమట్టితో కలిపి కాల్చిన పదార్థమునకు పేటెంటు పొందెను. పోర్ట్‌లండు అను చోట దొరకు రాతిని పోలునని దానికి పోర్ట్‌లండు సిమెంటు అని పేరిడెను. తరువాతివారు ఇంకను ఎక్కువ వేడిమిలో కాల్చి, నేడు మనమెరిగిన సిమెంటును రూపొందించిరి. మన దేశమున 1904లో మద్రాసునందు ప్రయత్నము జరిగెను. 1914లో పోరుబందరునందలి కర్మాగారముతో ఈ పరిశ్రమ స్థిరపడెను.

సిమెంటు వచ్చిన కాలముననే పలకయు మారెను. ఇంగ్లండులోని స్టోక్ ప్రాంతము కుమ్మరి పనికి పేరుపడినది. అచ్చట 1830లో శామ్యూల్ రైట్ అను నతడు, రంగు మట్టిని పలకలో పొదుగు పాత విద్యను అచ్చుల సహాయమున పునరుద్ధరించి పేటెంటు పొందెను. హెర్బర్ట్ మింటన్ అందులో వాటా కొనెను. అయితే తడిమట్టితో చేసిన పలక ఆరునపుడు కుంచించుకొని వంకరపోవును. ఈ చిక్కునకు విరుగుడు 1840లో లభించెను. రిచర్డ్ ప్రాసర్ అను నతడు, కొద్దిపాటి చెమ్మ మాత్రమే గల మట్టి పొడిని యంత్రములో అదిమి వస్తువులు చేయు పద్ధతిని కనిపెట్టెను. అతని ఉద్దేశము గుండీలు చేయుట. మింటన్ అదే పద్ధతిని పలకలకు వినియోగించెను. పొడినుండి పుట్టిన పలక అంతగా కుంచించుకొనదు, కొలతకు సరిపోవును, వేలకొలది ఒక్క తీరున వచ్చును. లండనులోని పార్లమెంటు భవనమునందును, 1856 మొదలుకొని వాషింగ్టనులోని కాపిటల్ భవనమునందును మింటన్ పలకలు పరచిరి. నేటి మహాయంత్రములు సైతము పొడిని అదుము ఆ సూత్రమునే అనుసరించుచున్నవి.

పలక ఇట్లు చక్కబడగా, దానిని సిమెంటుతో పట్టించుటయందు క్రొత్త చిక్కు తోచెను. సిమెంటు ఎండుటచే గట్టిపడునని పలువురు తలచుచుందురు. అది సరికాదు, నీటితో రసాయనికముగా కలియుటచే గట్టిపడును. మట్టి పలకలో అసంఖ్యాకమైన సూక్ష్మ రంధ్రములుండును. పొడి పలకను తడి సిమెంటుపై ఉంచగానే అది నీటిని గుటుక్కున మ్రింగును. అంటుకొనవలసిన పొరలోనే నీరు కొరవడి, అచ్చటి సిమెంటు పిండిగా మిగిలిపోవును. కావుననే పలకలను ముందుగా నీటిలో నానవేయు ఆచారము ఏర్పడెను. నానిన పలకపై నీరు నిలిచి యున్నను ప్రమాదమే. ఆ నీటిపొర సిమెంటును పలచబరచి పట్టును చెరచును. ఎంత నానవలెనో, ఎంత ఆరవలెనో మేస్త్రి తన చేతితో తాకి నిర్ణయించెడివాడు. ఒక శతాబ్దము పాటు లోకములోని పలక నేలలన్నిటికి ఆ చేతి తెలివియే ఆధారము.

మన దేశమున ఈ చిక్కును తగ్గించినది సిమెంటు పలక. దీనికి బట్టీ అక్కరలేదు. ఇత్తడి అచ్చులో రంగులు కలిపిన సిమెంటు పోసి, వెనుకవైపు ఇసుక సిమెంటు నింపి, యంత్రముతో అదిమి, నీటిలో ఉంచి గట్టిపరతురు. 1922లో బొంబాయినందు సిధ్వా కుటుంబమువారు భారత్ ఫ్లోరింగ్స్ సంస్థను స్వదేశీ దీక్షతో స్థాపించి, విదేశముల పలకలకు బదులుగా ఇట్టి వానిని తయారుచేసిరి. చెట్టినాడులోని ఆత్తంగుడి గ్రామమున అద్దముపై రంగులు పోసి చేతితోనే పలకలు చేయుదురు. పలక వెనుకభాగమును, దాని క్రింది అడుసును ఒకే జాతి పదార్థములగుటచే ఇవి సులభముగా కలిసిపోవును. మన ఇండ్లలో బహుళముగా వ్యాపించిన మొజాయిక్ నేలలో చలువరాతి ముక్కలను సిమెంటుతో కలిపి అచ్చటికచ్చటనే పోసి సానపట్టెడివారు. అందు బంధమే మరల నేల అయ్యెను.

ఇంతలో అమెరికాలో మరియొక మార్గము తెరువబడెను. 1920ల నుండి తారువంటి పదార్థమున రాతినార, అనగా ఆస్బెస్టాసు, కలిపి చవుకైన నేల పలకలు చేయసాగిరి. వానిని అతికించు నల్లని జిగురునందు సైతము రాతినార చేర్చిరి. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ప్లాస్టిక్ పలకలలోను అది చోటు సంపాదించెను. నిప్పుకు లొంగని ఆ నార, కోసినపుడును గీకినపుడును కంటికి కానరాని ధూళియై ఊపిరితిత్తులలో చేరి, పదుల సంవత్సరముల పిమ్మట ప్రాణాంతకమైన వ్యాధులను కలిగించును. కదలక యున్నంతకాలము అట్టి నేలవలన భయము తక్కువ. దానిని పెళ్లగించు కూలివానికే అసలు ప్రమాదము. 1999లో బ్రిటను దీని వాడుకను నిషేధించెను; 2005 నాటికి ఐరోపా సమాఖ్య అంతట నిషేధము అమలులోనికి వచ్చెను. ఈ నారను మన కడప జిల్లాలోని పులివెందుల ప్రాంతమున కూడ త్రవ్విరి. చవుక జిగురు వెలను అది పరచిన తరమువారు కాక, పెళ్లగించిన తరమువారు చెల్లించిరి.

సిమెంటు మార్గమున అసలైన మలుపు 1950లలో వచ్చెను. అమెరికాలోని టైల్ కౌన్సిల్ పరిశోధకులు మొక్కల నారలోని సెల్యులోసునుండి సిద్ధము చేసిన ఒక పొడిని సిమెంటులో స్వల్పముగా కలిపి చూచిరి. ఆ పొడి నీటిని గట్టిగా పట్టి ఉంచును. పలక పీల్చదలచినను ఒక్కసారిగా వదలదు. దీనితో పలకలను నానవేయు పని తప్పెను. అంగుళము మందపు అడుసుకు బదులు సుమారు 3 మిల్లీమీటర్ల పొర చాలునని తేలెను. 1956లో హెన్రీ రాత్‌బర్గ్ అను రసాయన ఇంజనీరు రబ్బరు పాలవంటి ద్రవమును సిమెంటునకు జోడించెను. అందలి సూక్ష్మ కణములు ఆరిన పిమ్మట సన్నని పొరలై, పెళుసైన సిమెంటునకు కొంత సాగు గుణమును, నున్నని వస్తువును పట్టు శక్తిని ప్రసాదించెను. సున్నపు గచ్చులో సహజముగా నుండిన సహనమును సిమెంటు పోగొట్టుకొనగా, రసాయన శాస్త్రము దానిని మరియొక దారిన తిరిగి తెచ్చెనని చెప్పవచ్చును.

ఈ ఆవిష్కరణల అవసరము మనకు ఇటీవలనే పూర్తిగా తెలియవచ్చెను. నేడు గుజరాతులోని మోర్బీ మొదలైన చోట్లనుండి వచ్చు విట్రిఫైడ్ పలకలు సుమారు 1,200 డిగ్రీల వేడిమిలో కాలి, గాజువలె బిగిసి, తమ బరువులో నూటికి అరవంతుకు మించి నీరు పీల్చవు. మింటన్ నాటి చిక్కు ఇక్కడ తలక్రిందులైనది. ఆనాటి పలక నీటిని అతిగా త్రాగెడిది. ఈనాటి పలక అసలే త్రాగదు. సిమెంటు పాలు దాని రంధ్రములలోనికి ప్రవేశించి పట్టుకొనుటకు దారియే లేదు. అయినను పలువురు పాత అలవాటు చొప్పున దానిని వట్టి సిమెంటు పాలపైననే పరచుచున్నారు. కొన్ని ఏండ్లకు డొల్ల మ్రోత వినవచ్చును. పలకల నడుమ సందు లేక, గోడ వెంబడి ఖాళీ విడువక బిగించినచో, వేడికి వ్యాకోచించిన పలకలు ఒక్కసారిగా గుడారమువలె పైకి లేచును. పలకలు అతికించు జిగురులకు భారత ప్రమాణ సంస్థ 2004లో ఐఎస్ 15477 అను ప్రమాణమును వెలువరించి, 2019లో సవరించెను. ప్రమాణమున్నది, దానిని అడుగు అలవాటు ఇంకను ఇంటింటికి చేరవలసియున్నది.

కావున నేల వేయించుకొను గృహస్థులు మూడు ప్రశ్నలు వేయుట మేలు. ఈ పలక ఎంత నీరు పీల్చును? దానికి తగిన జిగురు ఏది? అంచునకు పండ్లు గల తాపీతో పలక వెనుకభాగమంతయు నిండునట్లు పూయుచున్నారా, లేక నాలుగు మూలల నాలుగు ముద్దలు పెట్టి సరిపుచ్చుచున్నారా? ముద్దల మధ్య మిగిలిన ఖాళీయే రేపటి పగులు. అట్లే యంత్రముతో పలకలు కోయునపుడు తడిపి కోయించుట అవసరము. పొడిగా కోసినపుడు లేచు ధూళి పనివాని ఊపిరితిత్తులను చెరచును. పాత నేలను పెళ్లగింపవలసి వచ్చినపుడు, అడుగున నల్లని జిగురు కానవచ్చినచో, అది ఏమిటో తెలియకుండ గీకింపరాదు.

గచ్చు కాలమున నేల వేయుటకు దినములు పట్టెడివి. నూరుటకు, కొట్టుటకు, ఆరుటకు ఎవరును తొందరపడెడివారు కారు. నేటి జిగురు ఆ కాలమును ఎంతో తగ్గించినది గాని పూర్తిగా తుడిచివేయలేదు. పరచిన నేలపై కనీసము ఒక దినమైనను నడువక యుండుట, సామానులు జరుపక యుండుట నేటికిని తప్పని నియమము. పలక వెలను లెక్కించునపుడు, క్రింది పదార్థపు వెలను, పరచువాని కూలిని, ఆరుటకు పట్టు సమయమును కూడ అందులో చేర్చుకొన్నవారి నేల పదికాలములపాటు గట్టిగా నిలుచును.